బీరపాదు ఎక్కిన యాంటెన్నా

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో కూర్చుని రోజూ తల్లిదండ్రులకు నేను అప్పజెప్పే మాట ఒకటుంది. "రికార్డెడ్ క్లాసులైతే ఏమండీ? ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వినొచ్చు కదా!" ఈ మాట అనేటప్పుడు నా గొంతులో ఎక్కడలేని నమ్మకం పలుకుతుంది. జీతమిచ్చేది అందుకే మరి. ఆ రికార్డెడ్ పాఠాలతో ఎంత ఒళ్ళు మండుతుందో నేనే విద్యార్థినయ్యాక గానీ తెలిసిరాలేదు.

నేను నేర్చుకున్నది హామ్ రేడియో. ఇంట్లో ఒక సెట్టు, డాబా మీద ఒక యాంటెన్నా పెట్టుకుని, సెల్ టవర్లూ ఇంటర్నెట్టూ అక్కర్లేకుండా ఊళ్ళు దాటి మాట్లాడుకునే సరదా అది. ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. నలభై దాటాక ఈ పిచ్చి నాకెక్కడ పట్టిందంటే, ఒక నిమజ్జనం రోజున. రోడ్డంతా జనం, ఫోన్లు ఒక్కటీ పలకడం లేదు. నా పక్కన నిలబడ్డ ఒకాయన మాత్రం చేతిలో చిన్న సెట్టు పట్టుకుని, బాలాపూర్ వినాయకుడి ఊరేగింపు ఎక్కడిదాకా వచ్చిందో ఎవరికో తాపీగా చెబుతున్నాడు. నేను ఊరుకుంటానా! వెంటపడి అడిగాను. "పరీక్ష రాయండమ్మా, తెలుగులో పాఠాలు కూడా ఉన్నాయి" అని, నా ఫోన్‌లోనే వెతికి తీసి చూపించి వెళ్ళిపోయాడు.

ఆ పాఠాలు చెప్పినాయన గోదావరి వైపు ఒక ఊళ్ళో ఉంటారు. ఉద్యోగం నుంచి రిటైరై, ఇంటి వసారాలో కుర్చీ వేసుకుని, ఎదురుగా ఫోన్ నిలబెట్టి రికార్డు చేశారు. నేను ఆయన్ని మాస్టారనే అనుకునేదాన్ని. వెనకాల కుక్కరు విజిల్ వేస్తుంటే కాసేపు ఆగేవారు. కరివేపాకు అమ్మేవాడు అరుచుకుంటూ పోతుంటే విసుక్కునేవారు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ మూడో స్టేషను. అందుకని నా చదువంతా ముక్కలు ముక్కలుగా సాగింది. విక్టోరియా మెమోరియల్ దగ్గర మొదలైన వాక్యం చైతన్యపురి దాటాక పూర్తయ్యేది. యాంటెన్నా పాఠం అయితే వారమంతా పట్టింది.

"నూట నలభై మూడుని మీ ఫ్రీక్వెన్సీతో భాగించండి, వైరు పొడుగు మీటర్లలో వస్తుంది" అన్నారు మాస్టారు. బాగానే ఉంది. మాకు కావాల్సిన ఏడు మెగాహెర్ట్జ్‌కి దాదాపు ఇరవై మీటర్లు. మధ్యలో కోసి, అటు సగం ఇటు సగం చాచి, ఆ మధ్య నుంచి కేబుల్ కిందికి సెట్టుకి తేవాలి. కొసలు దేనికీ తగలకూడదు. ఏం, ఎందుకు తగలకూడదు? అసలు మా డాబా ఇరవై మీటర్లు లేకపోతే ఏం చెయ్యాలి? ఫోన్‌లో మనిషిని ఎలా అడుగుతాం! మెట్రోలో కూర్చుని "అయ్యో, చెప్పరేం!" అని పైకే అనేసి, పక్కావిడ జరిగి కూర్చునేలా చేశాను కూడా. ప్రతి పాఠం చివరా ఆయన ఒకటే మాట చెప్పేవారు. "వింటే రాదండీ, వైరు కట్టండి. ఆదివారం పొద్దున్న ఏడున్నరకి నేను గాలిలో, అదే, సెట్టు మీద ఉంటాను. పిలవండి."

నాకు ఆ మాట పట్టుకుంది. లైసెన్సు రావాలి, యాంటెన్నా కట్టాలి, మాస్టారిని పిలిచి, మీ పాఠం నాకు వచ్చిందండీ అని చెప్పాలి. అంతే, ఇంకో కోరిక లేదు.

"నాతో మాట్లాడ్డానికే నీకు తీరిక లేదు, గోదావరి అవతలి వాళ్ళతో మాట్లాడతావా?" అన్నారు మావారు.

"వాళ్ళు నా మాట పూర్తిగా వింటారండీ" అన్నాను.

మేముండేది కిరాయి ఇల్లు. ఓనరు ఆంటీ వాళ్ళది పాతకాలపు రైతు కుటుంబం. ఇప్పుడు మా కాలనీ ఉన్న జాగాలో ఒకప్పుడు వాళ్ళ పొలం ఉండేదట. పొలం పోయినా ఆవిడ చేతులు ఊరుకోవు. డాబా నిండా డ్రమ్ములు పెట్టి బీర, సొర, చిక్కుడు, గోంగూర పెంచుతుంది. యాంటెన్నా సంగతి అడగడానికి వెళ్తే, నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ఏంది పిల్లా గది? కరెంటు గుంజుతదా?"

"లేదాంటీ. ఉత్త వైరే. మాట్లాడేటప్పుడు మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు."

"నువ్వు మాట్లాడుతవు సరే, గా పక్కోళ్ళ పిల్లలు ముడితె?"

"అందనంత ఎత్తులో కడతా. నేను మాట్లాడే ముందు మెట్ల తలుపు గొళ్ళెం పెట్టుకుంటాను కదా."

"మంచిది, కట్టుకో. నా కుండీల జోలికి మాత్రం రాకు."

పరీక్ష పాసై లైసెన్సు చేతికొచ్చాక, పాత సెట్టు ఒకటి కొని, కోఠీ వెళ్ళి వైరు తెచ్చాను. వీధి మండపం విప్పగా మిగిలిన వెదురు బొంగు ఒకటి అడిగి తెచ్చుకుని, మావారి చేత నీళ్ళ ట్యాంకు పక్కన నిలబెట్టించాను. దాని కొనకి వైరు మధ్య భాగం కట్టి, వైరు రెండు సగాలూ అటూ ఇటూ ఏటవాలుగా దింపాం. డాబా చాలనిచోట కొసల్ని, పిల్లలకి అందని ఎత్తులోనే, పిట్టగోడ వెంబడి వంచాను. కొసలకి ప్లాస్టిక్ పైపు ముక్కలు, వాటికి నైలాన్ తాడు. మీటరు పెట్టి చూస్తే ముల్లు బుద్ధిగా కిందనే ఉంది. మనం పంపిన పవర్‌లో ఎంత వెనక్కి తన్నుకొస్తోందో చెప్పే మీటరు అది. ముల్లు కింద ఉంటే మాట బయటికి పోతున్నట్టు, పైకి లేస్తే సెట్టుకి చేటు. అబ్బ, ఆ పూట నా అంత గొప్పది ఎల్బీనగర్‌లో లేదనుకోండి!

ఆదివారం వచ్చింది. ఏడున్నరకి సెట్టులో గరగర మధ్య నుంచి ఫోన్‌లో రోజూ వినే గొంతే వినిపించింది. పాత మిత్రులు కాబోలు, ఒకరి తరవాత ఒకరు పలకరించుకుంటున్నారు. "ఇంకెవరైనా ఉన్నారా?" అని మాస్టారు ఆగారు. నేను మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. రోజంతా తల్లిదండ్రుల చెవులు చిల్లులు పడేలా మాట్లాడే మనిషిని, బటన్ నొక్కలేక కూర్చుండిపోయాను. ఆ తరవాతి ఆదివారమూ అంతే. ఇంకో ఆదివారమూ అంతే. మావారు టీ గ్లాసు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, "ఏం, కోచింగ్ ఫీజు కట్టమని అడగమంటే అడుగుతావేమో" అన్నారు. గ్లాసు లాక్కున్నాను.

ఆ మూడో ఆదివారమే మాస్టారు మిత్రులతో అంటుంటే విన్నాను. "వచ్చే వారం ఆఖరండీ. ఇల్లు ఖాళీ చేస్తున్నాం. అమ్మాయి వాళ్ళ ఫ్లాటుకి పోతున్నాం. అక్కడ డాబాకి తాళం, యాంటెన్నాలు ఒప్పుకోరు. యాంటెన్నా నిలబెట్టిన మాస్టు దించేస్తున్నాను."

ఉన్నది ఒకే ఒక్క ఆదివారం. ఆ తరవాత ఆయన గాలిలో ఉండరు.

వారమంతా ఆఫీసులో అడ్మిషన్ల గోల, ఇంటికి చేరేసరికి చీకటి. శనివారం పెందలాడే వచ్చి, రేపటికి అన్నీ సరిచూసుకుందామని మీటరు పెట్టాను. ముల్లు లేచి కూర్చుంది! కేబుల్ ఊడదీసి మళ్ళీ పెట్టాను. అదే వరస. సెట్టు తనంతట తనే పవర్ తగ్గించేసుకుంటోంది. పరుగున డాబా మీదికి వెళ్ళాను.

నా యాంటెన్నా మీద బీరపాదు పాకింది. పిట్టగోడ వెంబడి వంచిన కొస మొత్తం ఆకులే. నులితీగలు వైరుకి చుట్టుకున్నాయి, పాదు ఆ కొస నుంచి పైకి సగం దూరం పోయింది. పొద్దున కురిసిన వాన నీళ్ళు ఇంకా ఆకుల మీదే ఉన్నాయి. కొసలు దేనికీ తగలకూడదని మాస్టారు ఎందుకన్నారో అప్పుడు తెలిసింది. అక్కడ ఏది తగిలినా యాంటెన్నా గుణం మారిపోతుంది. ఓనరాంటీ పక్కనే స్టూలు వేసుకుని గోంగూర కోస్తోంది.

"ఆంటీ! ఇదేంటాంటీ?"

"మంచిగ పాకింది గద?" అంది మురిసిపోతూ. "గంత మంచి వైరు ఖాళీగ ఉన్నదని నేనే పాకిచ్చిన. జర చూడు, పిందె గూడ పడ్డది."

కోపంతో నాకు ఒళ్ళు తెలియలేదు. "మిమ్మల్ని ఎవరు పాకించమన్నారండీ? నెలల తరబడి నేర్చుకుని కట్టుకున్నానే! ఇప్పుడే పీకేస్తాను" అని చెయ్యి వేశాను.

ఆవిడ లేచి నా చెయ్యి పట్టుకుంది. "ఏయ్! పిందెమీదున్న పాదును తెంపుతరా ఎవలన్న? మా ఇంట్ల ఎన్నడన్న తెంపినమా? ఇల్లు నాది, డాబా నాది. చెయ్యి తియ్యి."

తీశాను. తియ్యక ఏం చేస్తాను! కిందికొచ్చి తలుపు ధడాలున వేశాను. మావారు సంగతి విని పకపకా నవ్వారు. "యాంటెన్నాకి కాయలు కాశాయన్నమాట!" అన్నారు. ఆయన మీద ఉన్న కోపం కూడా కలిసి నాకు ఏడుపొచ్చింది. రేపు పొద్దున్న ఏడున్నర దాటితే ఇంకెప్పుడూ చెప్పలేను అన్నాను. అప్పుడు నవ్వు ఆపారు. "పోయి ఆవిడకి అదే చెప్పు. వైరు గొడవ కాదు, ఆయన గొడవ చెప్పు" అన్నారు.

వెళ్ళడానికి మనసొప్పలేదు. అయినా వెళ్ళాను. ఆంటీ మొహం మాడ్చుకుని టీవీ ముందు కూర్చుంది. ఆవిడ పక్కన కూర్చుని ఫోన్‌లో మాస్టారి పాఠం పెట్టాను. కుక్కరు విజిల్ వేసింది, ఆయన ఆగారు, మళ్ళీ మొదలుపెట్టారు. ఆంటీ కాసేపు బిగుసుకుని చూసి, "గీయన ఇంట్ల కూడ అన్నం గీ యాళ్ళకేనా" అని నవ్వేసింది. అప్పుడు చెప్పాను. ఈయన దగ్గరే నేర్చుకున్నానని, ఆ సంగతి ఆయనకి తెలియదని, ఇల్లు ఖాళీ చేసి రేపటితో మాస్టు దించేస్తున్నారని.

"డాబా లేని ఇంటికి పోతుండా పెద్దాయన?" అంది. నేను తల ఊపాను. ఆవిడ టీవీ ఆపేసింది. "మా పొలం ప్లాట్లు కొట్టిననాడు గిట్లనే అనిపిచ్చింది నాక్కూడ" అంది. టీ ఇచ్చింది, తాగి వచ్చేశాను. ఒప్పుకుందో లేదో నాకు అర్థం కాలేదు.

ఆదివారం తెల్లారి డాబా మీద చప్పుడైతే పైకి వెళ్ళాను. ఆంటీ పిట్టగోడ పక్కన స్టూలు ఎక్కి, ఒక్కో నులితీగని గోటితో మెల్లగా వైరు మీంచి విప్పుతోంది. విప్పిన కొమ్మని పక్కనే కొత్తగా కట్టిన కొబ్బరి తాడు మీదికి ఎక్కిస్తోంది. ఒక్క పిందె రాలలేదు.

"నిలబడి చూస్తవేంది? గా పక్క నువ్వు పట్టు. గుంజకు, సుట్టు ఎటు తిరిగిందో అటే ఇప్పాలె" అంది. ఇద్దరం విప్పాం. నా చేతుల్లో రెండు ఆకులు చిరిగితే రెండుసార్లూ తిట్టింది. పడ్డాను. చివర్న చీర కొంగుతో వైరు మీద తడి కూడా తనే తుడిచింది. మెట్ల తలుపుకి గొళ్ళెం పెట్టి కిందికొచ్చేసరికి ఏడున్నర అవుతోంది. మీటరు చూశాను. ముల్లు దిగింది.

మావారు, ఆంటీ మంచం మీద కూర్చున్నారు. మాస్టారి గొంతు వచ్చింది. మిత్రులు ఒక్కొక్కరూ వీడ్కోలు చెబుతున్నారు. "సరే అండీ. ఇంకెవరైనా ఉన్నారా?" అన్నారు మాస్టారు.

బటన్ నొక్కాను. లైసెన్సుతో పాటు ఇచ్చిన నా పిలుపు గుర్తు, కాల్‌సైన్, అక్షరం అక్షరం చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "హైదరాబాద్, ఎల్బీనగర్ నుంచి అండీ. మీ పాఠాలు విని యాంటెన్నా కట్టుకున్నాను మాస్టారూ" అని బటన్ వదిలేశాను.

గరగర. ఎవరూ పలకలేదు. నా మాట దారిలోనే పోయిందనుకున్నాను.

"ఇంకోసారి చెప్పమ్మా" అన్నారు మాస్టారు. "పాఠాలు విని కట్టావా?"

"అవునండీ. అన్నీ విన్నాను."

"వైరు ఎంత పొడుగు? కొసలు దేనికి కట్టావు?"

చెప్పాను. పైపు ముక్కలు, పిట్టగోడ, బీరపాదు, అంతా చెప్పాను. ఆయన పెద్దగా నవ్వారు. ఆ తరవాత మెల్లగా అన్నారు. "పిలవండి, పిలవండి అని ప్రతి పాఠంలో చెప్పి, ఆదివారం రాగానే వచ్చి ఇక్కడ కూర్చునేవాణ్ణమ్మా. వీళ్ళంతా నా పాత స్నేహితులు, నా పాఠాలు వీళ్ళకెందుకు! విన్నవాళ్ళు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కరూ పిలవలేదు. నాకు చెప్పడం చేతకాలేదేమో అనుకుని ఊరుకున్నాను." మళ్ళీ గరగర. "మాస్టు దించడానికి కాసేపట్లో మనుషులొస్తారు. రానీ. ఇక దించుకోవచ్చు."

ఎన్నో అడగాలనుకున్నాను. పెద్ద ప్రసంగమే కూర్చుకున్నాను. తీరా సమయానికి మైకు పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాను.

ఆంటీ మంచం మీంచి గాభరాగా లేచి వచ్చి నా భుజం పట్టుకుంది. "ఏమైంది బిడ్డా? ఎందుకేడుస్తున్నవ్? నీ మాట ఇనబడలేదా ఆయనకు?"

"వినబడిందాంటీ" అన్నాను.