మేడంగారి తప్పు కాదు

టైపు మేడంగారు పోయారని మంగళవారం పొద్దున్న రాయవరం నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేశారు. "చూసిపోదామని మా ఇంటికొచ్చింది. రాత్రి మామూలుగానే అన్నం తిని పడుకుందండీ. తెల్లారి లేవలేదు," అన్నారు. ఫోన్ పెట్టేసి కూర్చున్నాను. పెళ్ళికార్డు కోసం షాపులోకి వచ్చిన మొదటి మనిషి కబురు విని, "అయ్యో, ఆ వైరస్ మేడంగారేనా?" అన్నాడు.

ఆ మాటకి నా ఒళ్ళు మండిపోయింది. ఇది రాయడానికి కారణం కూడా ఆ మాటే. కొత్తపేటలో సగం మందికి ఆవిడ అలాగే గుర్తు. ఆ పేరు ఆవిడకి ఎలా వచ్చిందో ఈ ఊళ్ళో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేను.

బస్టాండు వెనక వీధిలో మేడ మీద ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్. కింద నా డీటీపీ షాపు. లోయరు, హయ్యరు టైపు పరీక్షలు నేను అక్కడే ప్యాసయ్యాను. తర్వాత ఆవిడ టైపు మిషన్ల పక్కన ఏడు కంప్యూటర్లు పెట్టారు. గుమ్మం దగ్గర స్టూలు మీద ఇంకో పాత కంప్యూటరు ఉండేది. దానికి నెట్ లేదు, మిగతావాటితో కలిపే వైరూ లేదు. ఎవరు పెన్‌డ్రైవ్ తెచ్చినా ముందు దాంట్లో పెట్టి చూశాకే లోపలికి.

ఒకసారి ఏదో ఆఫీసు గుమాస్తాగారు చెమటలు కక్కుకుంటూ మెట్లెక్కి వచ్చారు.

"అర్జెంటండీ మేడంగారూ, ఒక్క పేజీయే."

"ఆయ్, ఒక్క నిమిషమేనండి. కూర్చోండి."

స్టూలు మీది కంప్యూటరులో ఆయన పెన్‌డ్రైవ్ పెట్టి తెరిచి చూపించారు. ఆయన ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి ఉన్నాయి. ఒక ఉత్తరం పేరు చివర ఉత్తరానికి ఉండకూడని '.exe' అనే తోక ఉంది. "పేరు చదివి నొక్కకండి. చివరున్న తోక చూడండి. ఇది ఉత్తరం కాదు, ఉత్తరం బొమ్మ తగిలించుకున్న ప్రోగ్రాము," అన్నారు.

"మా ఆఫీసులో బానే తెరుచుకుందండీ," అన్నారాయన చిరాగ్గా.

"తెరుచుకుంటుందండి. అక్కడా ఇదే ఉంటుంది మరి."

ఆయనకి కోపం వచ్చింది. ఆవిడ మాత్రం పెన్‌డ్రైవ్ శుభ్రం చేసి, పేజీ ప్రింటు తీసి ఇచ్చి, మంచినీళ్ళు కూడా ఇచ్చి పంపించారు.

ఇంకోసారి కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన మోగుతున్న ల్యాప్‌టాప్‌ని తెరిచినది తెరిచినట్టే చేతుల్లో పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. తెరంతా ఎర్రగా ఉంది. మీ కంప్యూటరుకి వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని రాసి ఉంది. మేడంగారు బటన్ నొక్కిపెట్టి మెషిన్ ఆపేశారు.

"ఫోన్ చేసేరా?"

"చెయ్యబోయేనండీ, ఇంతలో మీరు గుర్తొచ్చేరు."

"బతికిపోయేరు. భయపెట్టి, తొందరపెట్టి, పైగా నంబరు కూడా ఇచ్చేడంటే వాడు మీకు సాయం చేసేవాడు కాదండి."

మనం పనేమీ చెప్పకపోయినా కంప్యూటరు ఫ్యాను గీపెడుతోందా, బ్రౌజరు తెరిస్తే మనం పెట్టని పేజీ వస్తోందా, మన పేరుతో మనం పంపని మెయిళ్ళు వెళ్తున్నాయా అని ఆవిడ డాక్టరు నాడి చూసినట్టు ఒక్కొక్కటే అడిగేవారు. అప్‌డేట్ అడిగితే వాయిదా వేసేవాళ్ళంటే ఆవిడకి గిట్టదు. ప్రతి శనివారం సాయంత్రం అన్ని ఫైళ్ళూ ఒక విడి డిస్కులోకి కాపీ చేసి, వైరు పీకి, ఇంట్లో బీరువాలో పెట్టుకునేవారు. "తగిలించి ఉంచితే అదీ పోతుందయ్యా," అనేవారు.

ఇంత జాగ్రత్త మనిషి గదిలోకి ఆ పాడు ప్రోగ్రాము ఎలా వచ్చింది? నేను తెచ్చాను.

ఆవిడ శుక్లాల ఆపరేషన్‌కి రాజమండ్రి వెళ్ళి పది రోజులు ఉన్నారు. తాళాలు, పాస్‌వర్డు నాకిచ్చి, "పిల్లలొస్తే తలుపు తియ్యి బాబూ. శనివారం డిస్కు మర్చిపోకు," అని వెళ్ళారు. నేను మర్చిపోయాను. అదే సమయంలో నా కంప్యూటరు పాడై అమలాపురంలో రిపేరుకి ఉంది. ఒక పెళ్ళివారి కార్డు ఆ రోజే ఇచ్చితీరాలి. మేడంగారి కంప్యూటర్లలో కార్డు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ లేదు. తెలిసినవాడొకడు, "నా దగ్గర కొనక్కర్లేనిది ఉందన్నా," అని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. స్టూలు మీది కంప్యూటరు దాటుకుని నేరుగా లోపలికి వెళ్ళాను. తెలిసినవాడిదే కదా అనుకున్నాను. యాంటీవైరస్ వద్దని అడ్డుపడింది. ముందు యాంటీవైరస్ ఆపి తర్వాత ఇన్‌స్టాల్ చెయ్యండి అని వాడి పెన్‌డ్రైవ్‌లోనే రాసిన ఒక ఫైలు ఉంది. ఆపాను. కార్డు ప్రింటయింది. సాఫ్ట్‌వేర్ తీసేసి, ఏమీ ఎరగనట్టు తాళం వేసుకుని దిగిపోయాను.

ఆ సాయంత్రమే మేడంగారు ఊరొచ్చారు. మర్నాడు పొద్దున్న నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఆవిడే కంప్యూటర్లు వేశారు. గంట గడిచేసరికి ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. అన్ని పేర్ల చివరా పిచ్చి అక్షరాలు. ప్రతి ఫోల్డరులోనూ ఒక చీటీ ఉంది, డబ్బు కడితేనే తాళం తీస్తామని. ఆవిడ ముందు నెట్ వైరు పీకారు. తర్వాత కంప్యూటర్లని కలిపే వైర్లన్నీ పీకారు. ఆ తర్వాతే కూర్చున్నారు. వాళ్ళకి కట్టేది లేదన్నారు. కట్టినా తాళం తీస్తారని నమ్మకమేమిటన్నారు.

బీరువాలోని డిస్కు వల్ల పాత ఫైళ్ళు దక్కాయి. కానీ డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్లలు ఆరుగురు ఆ పది రోజుల్లో అక్కడ టైపు చేసుకున్న ప్రాజెక్టు రిపోర్టులు పోయాయి. రెండు రోజుల్లో కాలేజీలో ఇవ్వాలి. ఒకమ్మాయి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. అప్పుడే ఎవరో అన్నారు, పెద్దావిడకి చూపు ఆనక ఏదో నొక్కేసిందని. మధ్యాహ్నానికి ఊరంతా అదే మాట, ఆవిడకి వైరస్ మేడంగారని పేరు. ఆవిడ స్థానంలో కుర్ర ఇంజినీరెవడైనా ఉంటే హ్యాకర్లు దాడి చేశారనేవాళ్ళు. ఆవిడ ఒంటరి ఆడమనిషి, వయసైన మనిషి, పైగా కళ్ళకి కట్టు విప్పి వారం కాలేదు. తప్పు ఎవరిదని వెతికే శ్రమ కూడా లేకపోయింది ఎవరికీ.

డాక్టరు తెర చూడొద్దన్నా, ఆవిడ ఆ పిల్లల దగ్గరున్న చిత్తుకాగితాలు ముందేసుకుని రెండు రోజులు మళ్ళీ టైపు చేశారు. పక్క కుర్చీలో నేనూ టైపు చేశాను. నోరు మాత్రం విప్పలేదు. ఒక్కరోజు ఆలస్యంగా ఆరు రిపోర్టులూ అందాయి. అయినా ఆ కాలేజీ కరస్పాండెంటు పిల్లల్ని ఆవిడ దగ్గరికి పంపడం మానేశాడు.

రెండో రోజు సాయంత్రం ఆవిడ నన్ను అడిగారు.

"బాబూ, నేనే ఏదైనా నొక్కి ఉంటానా? ఆ పొద్దున్న ఒక మెయిల్ తెరిచినట్టు లీలగా గుర్తు."

"ఏమోనండీ," అన్నాను.

ఆ ఒక్క మాట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం. ఆవిడ కళ్ళ మీద ఆవిడకి నమ్మకం పోయింది ఆ మాటతోనే. తర్వాత కంప్యూటరు చెప్పడం మానేసి టైపు మిషన్ల దగ్గరే కూర్చునేవారు. ఎనిమిది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం నన్ను పైకి పిలిచారు. తెర మీద మామూలు అప్‌డేట్ బాక్సు ఉంది. "కాస్త చదివి పెట్టు బాబూ. నొక్కొచ్చా ఇది?" అన్నారు. మా అందరి చేతా తిట్టి మరీ అప్‌డేట్ చేయించిన మనిషి. నేనక్కడే కింద కూలబడి మొత్తం చెప్పేశాను.

ఆవిడ కళ్ళద్దాలు తీశారు. "అయితే నేను కాదన్నమాట," అన్నారు. మళ్ళీ అదే మాట అన్నారు. మూడోసారి అన్నప్పుడు గొంతు మారింది.

"ఎనిమిది నెలలు రోజూ నా ఎదురుగా కూర్చుని టీ తాగేవు కదయ్యా."

"తప్పయిపోయిందండీ."

"తప్పు ఎవడైనా చేస్తాడు. వాచ్‌మన్‌ని బయటికి పంపేసి తలుపు తియ్యమన్నవాడు ఎందుకంటున్నాడో నీకు తట్టాలి, తట్టలేదు. సరే. కానీ ఆ సాయంత్రమే నాకు చెప్పుంటే వైర్లు పీకేద్దును. ఒక్క మెషిన్‌తో పోయేది. చెప్పకపోతే పక్కదానికి పాకుతుందయ్యా." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "నాకు చెప్పడం కాదు. ఊళ్ళో చెప్పు," అన్నారు.

ఆరుగురు పిల్లలకీ ఫోన్ చేసి చెప్పాను. కరస్పాండెంటుకి చెప్పలేదు. ఆ కాలేజీ ప్రింటింగు పనులు నాకు వస్తున్నాయి. ఆవిడ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నన్ను పైకి రావద్దనీ అనలేదు. టీ మాత్రం ఇవ్వడం మానేశారు. కంప్యూటరు క్లాసులు మళ్ళీ మొదలుపెట్టారు కానీ ఇద్దరో ముగ్గురో వచ్చేవారు.

పోయిన శుక్రవారం కాలేజీ హాల్లో సంతాప సభ పెట్టారు. ఫ్లెక్సీ నేనే వేశాను. కరస్పాండెంటు మైకు పట్టుకుని ఆవిడ క్రమశిక్షణనీ సేవనీ పొగిడి, చివర్లో, "వయసు మీదపడి ఏదో చిన్న పొరపాటు జరిగినా, అది మనం మనసులో పెట్టుకోకూడదండీ," అన్నాడు. జనం తలలూపారు. ఆవిడని క్షమించేస్తున్నారు వీళ్ళు! నేను లేచి నిలబడ్డాను.

"ఆ పొరపాటు ఆవిడది కాదండీ. నాది."

"ఇప్పుడెందుకండీ అవన్నీ? సభ మర్యాద చూడండి," అన్నాడాయన.

"ఆవిడుండగా చెప్పాల్సిందండీ. చెప్పలేదు. ఇప్పుడు కూర్చోలేను."

పెన్‌డ్రైవ్ దగ్గర్నుంచి "ఏమోనండీ" దాకా అన్నీ చెప్పాను. వెనక నుంచి ఎవరో, "కూర్చోవయ్యా బాబూ, ఇంక చాలు," అన్నారు. ముందు వరసలో ఆవిడ చెల్లెలు మాత్రం నా వైపే చూస్తూ, "చెప్పనివ్వండి," అన్నారు. కరస్పాండెంటు తన మాట వెనక్కి తీసుకోలేదు. రెండు నిమిషాల మౌనం పాటించి అందరూ బయటికి నడిచారు. మర్నాడు కాలేజీ నుంచి మనిషొచ్చి నాకు ప్రింటింగుకిచ్చిన ఫైళ్ళన్నీ పట్టుకుపోయాడు. పట్టుకుపోనివ్వండి. ఇది చదివినవాళ్ళు ఆవిణ్ణి ఆ పేరుతో మళ్ళీ పిలవకపోతే నాకంతే చాలు.

ఆదివారం చెల్లెలుగారు గది ఖాళీ చేశారు. కంప్యూటర్లని వాళ్ళ ఊరి బడికి ఇచ్చేస్తారట. గుడ్డలేవీ దొరక్క, మేడంగారి నూలు చీరల్లోనే మానిటర్లు చుట్టి ట్రక్కు ఆటోలోకి ఎక్కించాం. ముసురు పట్టింది. ఆటో రావులపాలెం వైపు మెల్లగా కదిలింది, వెనకే నా బండి మీద నేను. గతుకు దగ్గర చివరి మానిటరు మీది చీర జారిపోయింది. ఆ నల్లటి అద్దంలో కాలవ గట్టు, తడిసిన కొబ్బరిచెట్లు, గొడుగు వేసుకుని సైకిల్ తొక్కుతున్న ఒకమ్మాయి, ఒకదాని వెనక ఒకటి కనిపిస్తూ వెళ్ళిపోయాయి.