చెల్లెలి చెయ్యి కోసం హోప్ టౌన్ సూదుల హాలుకు

నేను ఊళ్ళు చూడటానికి తిరిగే మనిషిని కాను. డైరీ ఫార్మ్‌ అనే పేటలో మా ఇంటి నుంచి అబర్డీన్ బజారు దాకా వెళ్ళాలన్నా గ్యాసు కట్టేశానా, గడియ పడిందా అని మళ్ళీ వెనక్కి వచ్చి చూసుకుంటాను. అలాంటిదాన్ని ఒక్కదాన్నే ఓడెక్కి హోప్ టౌన్ వెళ్ళానంటే కారణం మా చెల్లెలు పైడమ్మ. దానికి కుడి భుజం పట్టేసి నెలలైంది. జడ వేసుకోలేదు, పై అరలో డబ్బా అందుకోలేదు. చేపలు ఎండబెట్టే పని కూడా మానుకుంది. మొన్న వారం ఫోను చేసింది.

“అప్పా, నా సెయ్యి కొంచెం లెగుత్తంది. ఇక్కడ హాల్లో సూదులెడతన్నారు, కసాయం ఇత్తన్నారు. డబ్బులు కూడా అడగరు.”

మా వైపు అక్కను అప్ప అంటారు. చెయ్యి లేస్తోందంటే సంతోషించాలి గదా, నాకు మాత్రం భయమేసింది.

“మరి నీ బీపీ మాత్ర ఏసుకుంటన్నావా?” అని అడిగాను.

“కూర మాడిపోతంది, మల్లీ సేత్తాను,” అని పెట్టేసింది. మళ్ళీ చేయలేదు. నేను చేస్తే ఎత్తలేదు.

నా భయం ఊరికే వచ్చింది కాదు. మా అమ్మ ఎవడో ఇచ్చిన వేరు పొడిని నమ్మి సుగరు మాత్రలు మానేసింది. కాలి వేలికి పుండు పడింది, చివరికి మోకాలి దాకా కాలు తీసేశారు. ఆ పొడి ఇచ్చినవాడు మళ్ళీ మా వీధి మొహం చూడలేదు. ఇప్పుడు చెల్లెల్ని కూడా అలాగే మాత్రలు మాన్పించారని నాకు నమ్మకంగా తోచింది. దాన్ని అక్కణ్ణించి లాక్కొచ్చి పెద్దాసుపత్రిలో చూపించాలని బయల్దేరాను.

బుధవారం పొద్దున్న ఆరున్నరకు ఇంటి ముందు ఆటో ఎక్కాను. చాథం జెట్టీకి నూట యాభై అడిగాడు, నూట ముప్ఫైకి ఒప్పుకున్నాడు. బస్సులో వెళితే చాలా తక్కువ అవుతుంది, కాకపోతే బజారులో దిగి మారాలి, మోకాళ్ళ నొప్పులవాళ్ళకు అది ఇబ్బంది. నా సంచీలో మంచినీళ్ళ సీసా, స్టీలు గ్లాసు, బిస్కట్లు, గొడుగు, శాలువా, టార్చి, వాంతొస్తే పట్టుకోవడానికి రెండు కవర్లు ఉన్నాయి. ఆటో అతను సంచీని ఎత్తి చూసి, “ఆంటీ, డిగ్లీపూర్ జా రహీ హో క్యా?” అన్నాడు. డిగ్లీపూర్ అంటే మా దీవుల ఉత్తరం కొస, రోజంతా బస్సు ప్రయాణం. నేనేమో ఎదురుగా కనబడే ఒడ్డుకు పోతున్నాను. నవ్వాను గాని సంచీ అతని చేతికి ఇవ్వలేదు, ఒళ్ళోనే పెట్టుకున్నాను.

చాథంలో రంపపు మిల్లు దాటితే జెట్టీ. అక్కణ్ణించి బాంబూఫ్లాట్‌కు బళ్ళను కూడా మోసే పెద్ద ఫెర్రీ తిరుగుతూనే ఉంటుంది. మనిషికి టికెట్టు చిల్లర డబ్బులే, పావుగంటా ఇరవై నిమిషాల ప్రయాణం. లారీలు, స్కూటర్లు ముందు ఎక్కనిచ్చి తర్వాత మనుషులు ఎక్కడం మంచిది, లేకపోతే డీజిలు పొగంతా మొహానికి కొడుతుంది. మేడ మీద బెంచీలు ఉన్నా నేను కిందే, లైఫ్ జాకెట్ల పెట్టె పక్కన నిలబడ్డాను. ఆ పెట్టెకు తాళం వేసి ఉందా లేదా అని చూసుకున్నాను. వేసి లేదు. అప్పుడు గాని ఊపిరి పీల్చుకోలేదు.

బాంబూఫ్లాట్‌లో దిగి హోప్ టౌన్‌కు ఇంకో ఆటో ఎక్కాను. బస్సు ఉంది గాని ఎప్పుడొస్తుందో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. ఈ ఆటో నడిపే ఆయనకు నలభై దాటి ఉంటాయి, తెలుగువాడే. సూదుల హాలు అనగానే, “తెలుసమ్మా, మా నానమ్మ కూడా అక్కడికే ఎల్తాది,” అన్నాడు.

ఆటోవాళ్ళను కూడా పట్టేశారన్నమాట అనుకున్నాను. “మనిషికింత అని కమీషనేమైనా ఇత్తారా బాబూ?” అని అడిగాను.

ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు. “కమీషనా? మా నానమ్మని దింపి, మల్లీ ఎక్కించుకుని, దారిలో దాని చుట్టాలందరి ఇల్ల కాడా ఆగితే నా డీజిలే పోతంది అమ్మా.”

సముద్రం పక్కనే రోడ్డు. ఎడమ వైపు కొబ్బరి చెట్లు, కుడి వైపు నీళ్ళు. అందంగానే ఉంటుంది, చూసేవాళ్ళు చూడండి. నేను మాత్రం పైడికి ఏం చెప్పి లాక్కురావాలో అనుకుంటూ కూర్చున్నాను.

హాలంటే ఏదో బోర్డు పెట్టిన క్లినిక్కు అనుకున్నాను. పెళ్ళిళ్ళకూ మీటింగులకూ వాడే రేకుల షెడ్డు అది. మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కడానికి సిమెంటు వాలు కట్టారు. లోపల ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేశారు. ఒక్క తెర లేదు, ఒక్క గది లేదు. కూలీ పని చేసేవాళ్ళు, ఆఫీసులో రిటైరైనవాళ్ళు, చంకకర్రలతో వచ్చిన నికోబారీ అమ్మాయి, అందరూ ఒకే వరసలో కాళ్ళకూ చేతులకూ సన్నటి సూదులు పెట్టుకుని నిశ్శబ్దంగా కూర్చున్నారు. కొందరు నిద్రపోతున్నారు. ఏదైనా మత్తు పెట్టారేమోనని ఒకావిడ గురక పెట్టేదాకా కంగారుపడ్డాను. గుమ్మం పక్కన మూతకు చీలిక ఉన్న డబ్బా ఉంది, ఎవరికి తోచినంత వాళ్ళు వేస్తున్నారు, వేయనివాళ్ళను ఎవరూ చూడటం లేదు. ఊరికే ఇచ్చేదాని వెనక ఏదో ఉంటుందని నా అనుమానం. ముందు ఊరికే ఇచ్చి, అలవాటయ్యాక పెద్ద సీసా అంటగడతారు.

పైడి అటు చివర కుర్చీలో ఉంది. నన్ను చూసి లేవబోయింది. మోచేతి దగ్గర సూదులుండటంతో లేవలేక, “ఓలమ్మ, అప్పొచ్చేసింది,” అంది పక్కావిడతో. ఆ మాట సంతోషంగా అన్నట్టు లేదు.

హాలు చూసుకునే ఆవిడను అందరూ సుశీల దీదీ అంటారు. ఇదివరకు నర్సుగా పనిచేసి, ఆ తర్వాత మెయిన్‌లాండులో సూదుల వైద్యం నేర్చుకుని వచ్చిందట. సూదులు ఒకరివి ఒకరికి పెడుతోందేమోనని నేను ఆవిడ వెనకాలే తిరిగాను. ప్రతిసారీ కొత్త పొట్లం చించుతోంది, తీసినవి మూత ఉన్న గట్టి డబ్బాలో వేస్తోంది. ఆ డబ్బాలోకి తొంగి చూశాను. “దేఖ్ లో అమ్మా, ఆరామ్ సే,” అని ఆవిడే వంచి చూపించింది. నాకు కొంచెం సిగ్గేసింది గాని చూడటం మానలేదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. వీళ్ళు అడగకుండా ఎవరికి పడితే వాళ్ళకు కషాయం పోస్తారని నిరూపిస్తే పైడి మారుమాట్లాడకుండా నాతో వస్తుంది. నాకు గుండెకు ఆపరేషనై రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకుంటాను. ఏ ఆకూ పసరూ తనను అడక్కుండా తాగొద్దని మా గుండె డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ మాత్రల అట్ట నా బొడ్డుసంచీలో ఉంది. దాన్ని కొంగు కింద ఇంకా లోపలికి తోసేసి, మోకాళ్ళ నొప్పులని చెప్పి ఒక ఖాళీ కుర్చీలో కూర్చున్నాను.

సుశీల దీదీ నా ఒళ్ళో స్టీలు పళ్ళెం పెట్టింది. “మీరు వేసుకునే మాత్రలన్నీ ఇందులో పెట్టండమ్మా. ఇంగ్లీషువి, నాటువి, అన్నీ.” అందరి ఒళ్ళోనూ అలాంటి పళ్ళెం ఉంది, అందులో అట్టలు, పొట్లాలు.

“నాకేమీ లేవమ్మా. తలనొప్పికి కూడా మాత్ర ఏసుకోను,” అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. మణికట్టు పట్టుకుని నాడి చూసింది, నాలుక చూసింది, బీపీ చూసింది. గుండె మీద కోత జాకెట్టు లోపల ఉంది, అది కనబడే దారి లేదు. నా స్టీలు గ్లాసు అడిగి తీసుకుని అందులోనే వేడి కషాయం పోయించింది. శొంఠి వాసన, పసుపు వాసన. నా మాట ఒక్కటే నమ్మి పోసేశారు, దొరికిపోయారనుకున్నాను. పైడి అటు వైపు నుంచి కళ్ళు ఆర్పకుండా నన్నే చూస్తోంది.

అందరి గ్లాసులూ నిండాక కూడా ఎవరూ తాగలేదు. దీదీ మధ్యలో నిలబడి ముందు హిందీలో, తర్వాత తెలుగులో చెప్పింది. “ఇందులో శొంఠి, పసుపు, పిప్పళ్ళు. రక్తం పలచబడే మాత్ర వేసుకునేవాళ్ళు తాగకూడదు. ఇప్పుడు పక్కవాళ్ళను అడగండి.”

హాలంతా గుసగుసలు మొదలయ్యాయి. ప్రతివాళ్ళూ కుడి పక్క మనిషి వైపు వంగి అడుగుతున్నారు. నన్ను అడగాల్సిన మనిషి బుధ్ని అనే రాంచీ ముసలావిడ. నాకంటే పెద్దదే. నా చెవి దగ్గరకు వచ్చి, “డాక్టర్ కో నహీ బోలా, ఠీక్ హై. ముఝే బోలో దీదీ,” అంది. డాక్టరుకు చెప్పకపోతే పోనీ, నాకు చెప్పు అని.

“కుఛ్ నహీ,” అన్నాను.

“మై భీ యహీ బోలీ థీ,” అని బోసినోటితో నవ్వింది. మొదటి రోజు తనూ అదే చెప్పిందట, సుగరు మాత్రలు రవికలో దాచుకుని. ఈ సూదులామె మంచిదో కాదో చూద్దామని. అలా చెప్పి నా కొంగు మీద, సరిగ్గా బొడ్డుసంచీ ఉన్న చోట, వేలితో తట్టింది. ముసల్దాని దాపరికం ముసల్దానికే తెలుస్తుంది కాబోలు.

నా చేతిలో గ్లాసు కాలుతోంది. అమ్మ గుర్తొచ్చింది. ఆ పొడి ఇచ్చినవాడు అమ్మను ఏ మాత్రలు వేసుకుంటున్నావని అడగలేదు. పక్కన కూర్చుని అడిగే మనిషి కూడా అక్కడ ఎవరూ లేరు. నేను గ్లాసు కింద పెట్టి, అట్ట తీసి పళ్ళెంలో వేశాను.

దీదీ వచ్చి అట్ట చదివింది. కోప్పడలేదు. గ్లాసు తీసుకుని కషాయం పెరట్లో పారబోయించి, గ్లాసు కడిగించి ఇచ్చింది. “మీకు కషాయం వద్దు, సూదులు కూడా ఇవాళ వద్దు. మీ డాక్టరును అడిగి రండి,” అని రెండు చెవులకూ ఆవగింజంత గింజలు చిన్న ప్లాస్టరుతో అతికించింది. రోజుకు నాలుగైదుసార్లు మెల్లగా నొక్కుకోవాలట.

పైడి సూదులు తీయించుకుని వచ్చి నా ఎదుట కూర్చుంది.

“నువ్వు నిజం సెప్తావా లేదా అని సూసినాను.”

“సూత్తా కూకున్నావా? నాను తాగేత్తే?”

“గ్లాసు నోటి కాడికి ఎల్తే అరిసేద్దును. నీ సంగతి నాకు తెల్దా అప్పా, పచ్చి నీల్లు కూడా వాసన సూసి తాగుతావు.”

దాని పళ్ళెం నా ఒళ్ళోకి లాక్కున్నాను. బీపీ మాత్రల అట్ట ఉంది. సగం దాకా వాడినట్టు రేకు చిరిగి ఉంది.

“మరి ఫోనులో కూర మాడిపోతందన్నావు?”

పైడి కొంగు సర్దుకుంది. “సెయ్యి బాగయ్యేసరికి నానే మానేసినాను. ఈల్లు మానమనలేదు. పక్కనున్న ఆవిడ అడిగితే కక్కేసినాను. బీపీ సూసి, సర్కారు ఆసుపత్రికి ఎల్లి సూపించుకొచ్చేదాకా దీదీ సూది ముట్టుకోలేదు. ఆ రోజే నీకు ఫోను సేసినాను. సెప్తే నువ్వొచ్చి గొడవాడవా?”

“ఇప్పుడు రాలేదా?” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం, బుధ్ని కూడా నవ్వింది, ఏమిటని అడక్కుండానే.

మధ్యాహ్నం పైడి ఇంట్లో ఎండుచేపల పులుసుతో అన్నం తిన్నాం. నేను వడ్డిస్తానన్నా వినకుండా అదే వడ్డించింది, ఎడమ చేత్తో. మూడు దాటకముందే బయల్దేరతానంటే నాతో బాంబూఫ్లాట్ జెట్టీ దాకా వచ్చింది. సాయంత్రమైతే ఆఫీసుల నుంచి తిరిగే జనంతో ఫెర్రీ కిటకిటలాడుతుంది, పెద్దవాళ్ళు ఆ లోపే దాటేయడం మంచిది. ఫెర్రీ కదిలాక అది ఎడమ చెయ్యి ఊపింది. “ఆ సెయ్యి కాదు, ఇంకోటి,” అని రైలింగు పట్టుకుని అరిచాను. పక్కవాళ్ళు నన్ను చూశారు. పైడి కుడి చెయ్యి మెల్లగా ఎత్తింది. భుజం దాటింది, చెవి దాకా వచ్చింది, అక్కడ ఆగిపోయింది. అంతే. ఇంతకు ముందు భుజం దాకా కూడా రాని చెయ్యి.

అది సూదుల వల్లో, కషాయం వల్లో, ఇంట్లో కూర్చుని చేతికి విశ్రాంతి ఇచ్చినందువల్లో నాకు తెలియదు. తెలిసినట్టు రాస్తే అబద్ధమవుతుంది. నా అనుమానం పూర్తిగా పోలేదు. వచ్చే నెల పైడి బీపీ ఎంతుందో నా కళ్ళతో చూస్తాను, చెవి గింజల సంగతి మా గుండె డాక్టరును అడుగుతాను. అయితే ఒక్క మాట. నేను ఇన్నేళ్ళూ తెర వెనక డాక్టరు ముందు కూర్చున్నప్పుడు, ఏం వేసుకుంటున్నావంటే సగమే చెప్పాను, భయపడో సిగ్గుపడో. తెర లేదని నేను భయపడిన హాల్లో ఒక ముసలావిడ నా కొంగు మీద వేలు పెట్టి అడిగింది. నాలాగా ఎవరినీ నమ్మని మనిషికి అలాంటి పక్క కుర్చీ కావాలేమో.

మీరు వెళ్ళేట్టయితే ముందు మీ డాక్టరును అడగండి, మీరు వేసుకునే మాత్రలన్నీ అట్టలతో సహా తీసుకెళ్ళండి. బొడ్డుసంచీలో కాదు, చేతిలో.