లిఫ్టు మేస్త్రి ‘నీ ఇష్టం’

లిఫ్టు మేస్త్రికి కోపం వస్తే అరవడు. ఇంట్లో ఎవరైనా తనకు నచ్చని పని తలపెడితే, కంచంలోంచి తల ఎత్తకుండా ‘నీ ఇష్టం’ అంటాడు. అంతే, ఆ పని అక్కడితో ఆగిపోతుంది.

ఆ ఒక్క మాటతోనే ఆయన సంసారం నడుపుకొచ్చాడు. పెళ్ళైన కొత్తలో భార్య ముందుగదికి ఊదారంగు తెరలు కుట్టిస్తానంది. నీ ఇష్టం అన్నాడు. కొన్న గుడ్డ దిండు గలీబులైపోయింది. మరోసారి కుట్టుపని క్లాసుల్లో చేరతానంది. నీ ఇష్టం అన్నాడు. చేరలేదు. కూతురు పదో తరగతిలో ఉండగా స్నేహితురాళ్ళతో వేరే ఊరు చూసి వస్తానంటే, కాస్త మురిపెంగా ‘నీ ఇష్టమమ్మా’ అన్నాడు. సర్దుకున్న సంచీని ఆ పిల్ల చప్పుడు చేయకుండా విప్పేసుకుంది. ఆ ఇంట్లో మురిపెంగా అన్న నీ ఇష్టం మామూలు దానికన్నా గట్టిది.

కాదు అంటే ఎందుకు కాదో చెప్పాలి. వాదన పెట్టుకోవాలి, చివరికి చెడ్డపేరు మోయాలి. నీ ఇష్టం అంటే ఆ తలనొప్పులేవీ లేవు. పైగా టీకొట్టు దగ్గర దర్జాగా చెప్పుకోవచ్చు, మా ఇంట్లో ఆడవాళ్ళకు నేను దేనికీ అడ్డు చెప్పను అని. చెప్పుకునేవాడు. చెప్పగా చెప్పగా నమ్మేశాడు కూడా. ఇది ఆయన సొంత తెలివేం కాదు, వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. ఆ పెద్దాయన కూడా అంతే, కొడుకు సైన్‌బోర్డులు రాసే పని నేర్చుకుంటానంటే నీ ఇష్టం అన్నాడు. కొడుకు కుంచె పక్కన పెట్టి స్పానరు పట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ మేస్త్రి కూతురికి రెండు యూనివర్సిటీల నుంచి పిలుపు వచ్చింది. రెండూ ఊళ్ళోనివే. ఊరికి ఆ చివర ఉన్న పాత యూనివర్సిటీ భూగర్భశాస్త్రంలో సీటిచ్చి, ఫీజులో సగానికి స్కాలర్‌షిప్ ఇస్తానంది. ఇంటికి దగ్గర్లో కొత్తగా వెలిసిన ప్రైవేటు యూనివర్సిటీ కామర్స్‌లో సీటిచ్చి, మొత్తం ఫీజుకి స్కాలర్‌షిప్ ఇస్తానంది. శుక్రవారం సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి. పిల్లకు ఏది కావాలో గోడలకు కూడా తెలుసు. దాని కిటికీ గట్టు నిండా రాళ్ళే. కానీ దానికి అడగడం రాదు. ఆ ఇంట్లో అడగడం ఎవరికీ అలవాటు కాలేదు.

మేనమామకు మాత్రం నోరు బాగా అలవాటు. ఆయన ఇన్సూరెన్స్ ఏజెంటు. వార్త తెలిసిన రోజు నుంచీ చెవినిల్లు కట్టుకుని పోరడం మొదలుపెట్టాడు.

“బావా, చదువుకోకపోతే రాళ్ళు మోస్తావురా అని మా నాన్న నన్ను తిట్టేవాడు. నీ కూతురేమో చదువుకుని మరీ రాళ్ళు మోస్తానంటోంది! ఫుల్ స్కాలర్‌షిప్ కాళ్ళ దగ్గరికొస్తే ఎవడైనా కాలదన్నుకుంటాడా?”

మేస్త్రి పళ్ళు నూరుకున్నాడు. అన్యాయం ఏమిటంటే, ఆయన వృత్తి కూడా బావమరిది వైపే మాట్లాడుతోంది. రెండు యూనివర్సిటీల లిఫ్టులూ ఆయన కంపెనీయే చూస్తుంది. కొత్త దాంట్లో నాలుగువైపులా అద్దాల లిఫ్టు, ఏ అంతస్తు వచ్చిందో తీయగా చెబుతుంది, తలుపు గాలి కూడా తగలనంత మెత్తగా మూసుకుంటుంది. దాన్ని సర్వీసు చేసిన రోజు ఆయన ఇంటికొచ్చి భోజనం చేస్తూ కూడా దాని గురించే చెప్పేవాడు. పాత యూనివర్సిటీలో సైన్సు భవనం లిఫ్టు ఒక మొండిఘటం. నెలకోసారైనా రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య చతికిలబడుతుంది. లెక్చరర్లు దాని మీద ఆశ వదులుకుని మెట్లెక్కుతారు. యూనివర్సిటీలను లిఫ్టులు చూసి ఎంచుకోవాల్సి వస్తే ఆయన క్షణం కూడా ఆలోచించేవాడు కాదు.

అలాంటి మనిషి మనసు మారింది ఆ మొండిఘటం దగ్గరే. ఒకరోజు మూడో అంతస్తులో తలుపు పట్టాలు శుభ్రం చేస్తుంటే, ఎదురుగా వరండాలో అద్దాల బీరువాలు కనిపించాయి. నిండా రాళ్ళు, ఒక్కోదానికి ఒక్కో చీటీ. బీరువా దగ్గర నిలబడ్డ పెద్దావిడ, చూడబోతే ప్రొఫెసర్, ఒక రాయిని తీసి అటూ ఇటూ తిప్పి నాలుకతో తాకింది. మేస్త్రి చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఇంత చదువూ చదివి చివరికి రాళ్ళు నాకుతున్నారా అనుకున్నాడు. ఇంటికొచ్చి కూతుర్ని ఏడిపిద్దామని ఆ మాటే చెప్పాడు.

పిల్ల ఏడవలేదు, పకపకా నవ్వింది.

“అది రుచి చూడ్డం కాదు నాన్నా! బంకమట్టి గట్టిపడి తయారైన రాయైతే నాలుకకి అంటుకుంటుంది. మామూలు రాయైతే అంటుకోదు. ఉండండి, చూపిస్తాను.”

కిటికీ గట్టు మీద నుంచి రెండు రాళ్ళు తెచ్చింది. ముందు కడిగింది, తర్వాత తండ్రి చేత నాలుక చాపించింది. ఒకటి నిజంగానే అంటుకుంది. భోజనం చల్లారిపోతున్నా పిల్ల మాట్లాడుతూనే ఉంది. నదులు తెచ్చే బురద, అది పొరలుపొరలుగా పేరుకోవడం, కొండలు లేవడం. ఏది అడిగినా ‘ఊ’, ‘ఉహూ’ తప్ప మాట రాని పిల్ల! మేస్త్రికి సగం అర్థం కాలేదు. కానీ తన కూతురికి ఇంత గొంతు ఉందని ఆయనకు అంతవరకూ తెలియదు. లోపల ఎక్కడో గర్వంగా, గుచ్చుకున్నట్టుగా కూడా అనిపించింది.

మర్నాడే సూపర్‌వైజర్ని కలిసి పెద్దాసుపత్రి లిఫ్టుల నైట్ డ్యూటీ తనకిమ్మని అడిగాడు. పగలు ఒక పని, రాత్రి ఒక పని చేస్తే ఫీజులో మిగతా సగం లాగేయవచ్చు. ఎవరూ ఒప్పుకోని డ్యూటీ అది, అడిగినవాడికి ఇవ్వకపోవడమనేది ఉండదు. అయినా ఖాయమయ్యేదాకా ఇంట్లో చెప్పకూడదనుకున్నాడు. చెబితే భార్య ఆరోగ్యం అంటుంది, బావమరిది పిచ్చి అంటాడు. ఖాయం చేసుకుని ఒక్కసారే చెప్పాలి, అందరూ నోళ్ళు వెళ్ళబెట్టాలి.

బుధవారం పొద్దున ఆయన పనికి బయల్దేరుతుంటే కూతురు గుమ్మం దగ్గరికి వచ్చింది. చేతిలో ఆయన పనిముట్ల సంచి ఉంది. ఇవ్వకుండా పట్టుకుని నిలబడింది.

“నాన్నా, ఆ యూనివర్సిటీ సంగతి... పాతదానికి వెళ్ళనా?”

ఎంత ధైర్యం కూడగట్టుకుని అడిగిందో! ఆయనకు లోపల ఎగిరి గంతేసినట్టయింది. వెళ్ళు తల్లీ, మిగతా సగం నేను చూసుకుంటాను అందామనుకున్నాడు. కానీ ఆ మాట నోటి దాకా వచ్చి దారి తెలియక నిలబడిపోయింది. ఇంట్లో ఎవరికైనా సంతోషంగా సరే అనడం ఆయన ఎప్పుడు నేర్చుకున్నాడు గనక? నవ్వు మీసాల వరకు వచ్చి అక్కడే ఉండిపోయింది. నోరు మాత్రం తనకు వచ్చిన ఒక్క మాటే అంది.

“నీ ఇష్టమమ్మా.”

సంచి తీసుకుని సైకిలెక్కాడు. దారంతా ఈల వేసుకుంటూ పోయాడు. కూతురికి స్వేచ్ఛ ఇచ్చిన తండ్రినని తన భుజం తనే తట్టుకున్నాడు. ఇలాంటి మనిషిని చూస్తే నవ్వాలో తల బాదుకోవాలో తెలియదు.

శనివారం సాయంత్రం నైట్ డ్యూటీ ఖాయమైంది. ఇంట్లో అడుగు పెడుతూనే భార్యతో చెప్పాడు.

“వచ్చే వారం నుంచి ఆసుపత్రిలో నైట్ డ్యూటీ కూడా చేస్తున్నా.”

ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. “ఇప్పుడెందుకండీ ఆ నైట్ డ్యూటీ? ఫుల్ స్కాలర్‌షిప్పే వచ్చిందిగా.”

“ఏ ఫుల్ స్కాలర్‌షిప్?”

“అదేమిటి, అమ్మాయి నిన్నే కొత్త యూనివర్సిటీకి సర్టిఫికెట్లు ఇచ్చేసింది. పాతవాళ్ళకి రానని రాసేసింది.”

మేస్త్రి చెప్పులు విప్పడం మర్చిపోయాడు. “ఎందుకు రాసింది? పాతదానికి వెళ్తానని నన్ను అడిగిందిగా! నేను నీ ఇష్టం అన్నానుగా!”

భార్య చేతిలో బట్ట ఒళ్ళో పెట్టుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది.

“అన్నారు. అది ఏడ్చుకుంటూ నా దగ్గరికొచ్చింది. నాన్న ఏమన్నారే అన్నాను. నీ ఇష్టమమ్మా అన్నారంది. పక్కన అమ్మా కూడా చేర్చారా, అయితే ఇంకేముంది, మానెయ్యమన్నాను.”

“నేను నిజంగానే నీ ఇష్టం అన్నానే!”

“నిజంగా ఎప్పుడన్నారు గనక, ఇప్పుడన్నారని మాకు తెలియడానికి?” ఇన్నేళ్ళలో ఆవిడ గొంతు అంతగా లేవడం ఆయన వినలేదు. “నా తెరలప్పుడు నిజంగా అన్నారా? నా కుట్టుపనప్పుడు నిజంగా అన్నారా?”

వచ్చిన కోపం ఎవరి మీద చూపించాలో తెలియక గుమ్మం తలుపును ఒక్క గుద్దు గుద్దాడు. చేయి నొప్పెట్టింది.

కూతురికి ఏమీ చెప్పకుండానే సోమవారం పనికి సెలవు పెట్టి పాత యూనివర్సిటీకి పరిగెత్తాడు. సైన్సు భవనం పై అంతస్తులోని అడ్మిషన్ల గదిలో గుమస్తా ఆయన్ని గుర్తుపట్టాడు.

“ఏం మేస్త్రీ, లిఫ్టు బానే ఉందే ఇవాళ!”

మేస్త్రి విషయం చెప్పాడు. చెబుతుంటే తనకే సిగ్గేసింది. నీ ఇష్టం అంటే మా పిల్ల వద్దనుకుందండీ అని ఎవరితో చెప్పుకున్నా అర్థమయ్యే కష్టమా అది? గుమస్తా మంచివాడే. కుర్చీ చూపించాడు, కంప్యూటర్లో వెతికాడు, చివరికి తల అడ్డంగా ఊపాడు.

“మీ అమ్మాయి రానని రాసిన వెంటనే తర్వాతి అమ్మాయికి ఫోన్ చేశాం. ఆ పిల్ల సంతోషం పట్టలేక ఫోన్లోనే ఏడ్చేసింది. పొద్దునే వచ్చి చేరిపోయింది కూడా.”

“స్కాలర్‌షిప్ లేకుండా చేర్చుకోరా?”

“చేర్చుకుంటారు. కానీ మొత్తం ఫీజు మేస్త్రీ...” నైట్ డ్యూటీ చేసినా తీరేది అందులో సగమే.

“పోనీ వచ్చే ఏడు?”

“ఆ స్కాలర్‌షిప్ ఈ ఏడు పాసైన వాళ్ళకేనండీ.”

తిట్టడానికి అక్కడ ఎవరూ లేరు. గుమస్తా తప్పు లేదు. ఎవరి పిల్లో, ఫోన్లో ఏడ్చిన ఆ అమ్మాయి తప్పు అసలే లేదు. తన తప్పు మనిషిలా కనబడేదైతే దాన్ని పట్టుకుని నాలుగు పీకేవాడు. వచ్చేటప్పుడు లిఫ్టు ఎదురుగా తలుపు తెరుచుకుని నిలబడింది. ఆయన మెట్ల మీదుగా దిగి వచ్చాడు.

ఇంటికొచ్చేసరికి కూతురు కిటికీ దగ్గర కూర్చుని రాళ్ళను ఒక అట్టపెట్టెలోకి సర్దుతోంది. ఒక్కోదాన్ని పాత న్యూస్‌పేపర్లో చుట్టి పెడుతోంది. తండ్రి పక్కనే నేలమీద చతికిలబడ్డాడు.

“నాకు నువ్వు ఆ చదువే చదవాలని ఉండేది తల్లీ. నైట్ డ్యూటీ కూడా ఒప్పుకున్నా. నువ్వు నన్ను మళ్ళీ ఒక్కసారి అడిగుంటే పోయేదిగా! ఎందుకు అడగలేదు?”

పిల్ల చేతిలో రాయి ఆగిపోయింది. ఎప్పుడూ తండ్రికి ఎదురు చెప్పని పిల్ల, ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. మొహం ఎర్రబడింది.

“ఇప్పుడు చెప్తారా? అంతా అయిపోయాక ఇప్పుడు చెప్తారా? మీ మొహం చూసి, మీ గొంతు విని, ఏది అవునో ఏది కాదో నేనే కనిపెట్టుకోవాలా? వెళ్ళు అనలేకపోయారా నాన్నా? రెండక్షరాలు. ఒక్కసారి వెళ్ళు అనుంటే నేను పరిగెత్తుకుంటూ పోయేదాన్ని కదా!”

మోచేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ రాళ్ళు చుట్టడం మొదలుపెట్టింది.

మేస్త్రికి ఏం చేయాలో తోచలేదు. తల మీద చేయి వేద్దామంటే ధైర్యం చాల్లేదు. క్షమించమనడం ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ అనగా వినలేదు. చివరికి, మొదటిసారి మాట నేర్చుకుంటున్న వాడిలా, తడబడుతూ అన్నాడు.

“వెళ్ళు తల్లీ.”

పిల్ల తలెత్తి అడిగింది.

“ఎక్కడికి నాన్నా?”