కండెల పోచవ్వ

పద్మనగర్‌లో ఒక నేత షెడ్డులో నూలు కండెలు చుట్టే పోచవ్వకు మెల్లగా మాట్లాడటం రాదు. మరమగ్గాల చప్పుడు మీద అరిచి అరిచి పెరిగిన గొంతు. గర్భసంచిలో అరుదుగా వచ్చే, తొందరగా పాకే క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయ్యాక మళ్లీ పనిలోకి వచ్చింది. "దువ్వెన పని తప్పింది" అని బోడితల నిమురుకుంటుంది. ముట్లు ఆగినంక నెత్తురు కనబడితే ఊరుకోవద్దని నల్లా దగ్గర గల్లీ అంతా వినేలా చెబుతుంది. ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకుంటారు. ఒకరోజు షెడ్డు యజమాని సేటు భార్య యమునాబాయి మగ్గాల మధ్యకొచ్చి, ఆ మోతలో ఆమె చెవి దగ్గర అరిచింది: "ఎవ్వలికి చెప్పకు పోచవ్వా, ముట్లాగి ఏండ్లయింది, మళ్ల నెత్తురు పడుతున్నది." సగం మాటలో కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఆగాయి. మిగతా సగం షెడ్డంతా విన్నది. యమునాబాయి ముఖం పాలిపోయింది. పోచవ్వ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేనైతే చెప్పలే యమునమ్మా, కరెంటోళ్లే చెప్పిన్రు. ఇగ దాసేదేముంది, నడువు, దవాఖానకు పోదాం."