బానెట్ మీద మిగిలిన మైనం

మా టాక్సీ మామ పోయాడు. ఆత్మకూరు బస్టాండు పక్కన కూరగాయలు కొని వస్తుంటే, ఉదయగిరి బస్సు కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, "టీచరమ్మా, మీ టాక్సీ సాయిబు పొయినాడంట, తెలుసునా?" అని కేకేశాడు. ఇంటికి వెళ్ళి సంచి పెట్టి వద్దామన్న ఆలోచన కూడా రాలేదు. అదే బస్సు ఎక్కేశాను. కాకరకాయల సంచితో చావింటికి వెళ్ళిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే. టిక్కెట్లు కొట్టుకుంటూ కండక్టరు నా సీటు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక ముక్క చెప్పి పోయాడు. తెల్లవారి నమాజుకు లేచాడట. ఒంట్లో బాగాలేదని మళ్ళీ పడుకున్నాడట. అత్త టీ తీసుకుని వెళ్ళేసరికే అయిపోయిందట.

మామ, అత్త అని రాస్తుంటే చదివేవాళ్ళు మా చుట్టాలనుకుంటారు. వాళ్ళు ముస్లింలు, మేము బాప్టిస్టులం. ఉదయగిరి బడిలో ఉద్యోగం వచ్చి నేను ట్రంకు పెట్టెతో దిగిన రోజు వాళ్ళ పక్క వాటా ఖాళీగా ఉంది. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "అత్తా అని పిలువు, నోటికి బాగుంటాది" అని తేల్చేసింది. ఆవిడ అత్త అయ్యాక ఆయన మామ కాక ఇంకేమవుతాడు?

మామకు ఒక నల్ల అంబాసిడర్ ఉండేది. గూడూరు వైపు మైకా గనులున్న ఒక ఆసామి వాడుకుని అమ్మేసిన బండి. ఆ రోజుల్లో మా వీధుల్లో ఎవరికైనా పెళ్ళి కుదిరినా, కాన్పు కష్టమైనా మొదట ఆ కారు కోసమే మనిషి పరుగెత్తేవాడు. పెళ్ళివాళ్ళు ఆ కారునే ఎందుకు కోరేవారంటే దాని నలుపు అలాంటిది. పెళ్ళికూతురు దిగేముందు తలుపులో ముఖం చూసుకుని బొట్టు సరిచేసుకోవచ్చు. ఇది నేను కళ్ళతో చూసిన సంగతి. మామకు పిల్లల్లేరు. కారే ఆయనకు బిడ్డ అని ఊళ్ళో అంటే అత్త మాత్రం ఒప్పుకునేది కాదు. "బిడ్డయితే ఈ పాటికి ఎదిగి నాకింత వండిపెట్టేది గదా" అనేది.

ఆ నలుపుకు ఒక గండం ఉండేది. పాత ఆసామి డ్రైవరు మెరుపు కోసం గరుకు మందేసి ఏళ్ళ తరబడి రుద్దాడు. రంగంతా అరిగి పల్చబడింది. బానెట్ అంచుల్లో అడుగున వేసిన ఎర్రమట్టి రంగు అప్పటికే తొంగి చూస్తోంది. "ఇది చర్మం కాదు టీచరమ్మా, మళ్ళా మొలిచేదానికి. పోయిందంటే పోయిందే" అనేవాడు మామ. కొత్తగా రంగు వేయించే తాహతు లేదు. రంగు పోతే పెళ్ళి గిరాకీ పోతుంది. అందుకని ఉన్న రంగు మీద మైనం పూసి కాపాడుకుంటూ వచ్చాడు. ఆయన బతుకంతా ఆ పల్చటి పొర మీదే నడిచింది.

మైనం పూయడానికి ఆయనకు ముహూర్తం దుర్గం కొండ పెట్టేది. మా ఊరికి పడమటి దిక్కున కొండ. సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే దాని నీడ వీధిలోకి దిగుతుంది. ఎండలో పూస్తే మైనం మాడి రేకుకు పట్టుకుంటుందని, మామ అరుగు మీద కూర్చుని ఆ నీడ కోసం ఎదురుచూసేవాడు. నీడ వచ్చి గోడ ఎక్కాక కారు నెత్తిన అరచెయ్యి పెట్టి చూసేవాడు. చల్లబడిందంటే ఇక పని మొదలు. అప్పుడు ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. ఒకసారి మగపెళ్ళివారు కారు మాట్లాడుకోవడానికి వచ్చి చాలాసేపు నిలబడ్డారు. మామ తిరిగి కూడా చూడలేదు. వాళ్ళకు కోపం వస్తుందేమోనని నేనే టీ ఇచ్చి కూర్చోబెట్టాను.

కడిగి, తడి లేకుండా తుడిచి, చేటంత జాగాలో మాత్రమే మైనం పూసేవాడు. గుండ్రంగా, ఉందో లేదో అన్నంత పల్చగా. నేను సరదాపడి చెయ్యి వేస్తే, "పల్చగా, పల్చగా! ఇది అన్నంలో నెయ్యి కాదు, ఎక్కువేస్తే బాగుండేదానికి" అని కసురుకునేవాడు. అది ఆరి సున్నం పూసినట్టు తెల్లబడ్డాక వేలితో ఒక గీత గీసి చూసి, మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. ఆ చేటంత జాగా తళతళలాడాకే పక్క జాగాకు పోవడం. తెల్లగా ఆరిన చోటును తుడవకుండా వదిలి టీ తాగడానికి కూడా వచ్చేవాడు కాదు. గుడ్డ పొరపాటున కింద పడిందా, ఇక దాన్ని ముట్టడు. ఒక్క ఇసుక రేణువు చాలు, గీత పడడానికి. అలా పడిన గుడ్డలన్నీ అత్త వంటింట్లో మసిగుడ్డలయ్యేవి.

నేను నెల్లూరు వెళ్ళినప్పుడల్లా మైనం డబ్బా తెమ్మనేవాడు. తేవడం అంత తేలిక కాదు. "రెండు రకాలుంటాయి. రెండిటి మీదా మెరుస్తాదనే రాసుంటాడు. ఒకటి కోసేది, ఒకటి కప్పేది. మనకు కప్పేది కావాల. మూత తీయించి రెండేళ్ళ మధ్యన నలిపి చూడు. పళ్ళపొడి మాదిరి గరగరమంటే ఆడనే పెట్టేసి రా. వెన్న మాదిరి జారితేనే తీసుకో" అని పాఠం చెప్పి పంపేవాడు. మోటారు సామాన్ల అంగట్లో నేను మూత తీయమంటే అంగడాయన కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

"స్నో డబ్బా అనుకుంటివా ఏందమ్మా, పూసుకొని చూసేదానికి?"

"మా మామ చూసి తెమ్మన్నాడు."

"ఇది కాదులే, సీసా మందు తీసుకో. కొత్తగా వచ్చినాది. పూసేది సులువు."

సీసా తీసుకువెళితే ఏమవుతుందో నాకు తెలుసు. పోసిన నీళ్ళలాంటిది నాలుగు వానలకు నిలవదని మామ నన్ను మళ్ళీ బస్సెక్కిస్తాడు. నలిపి చూసే తెచ్చాను. ఆ తర్వాత ఆ అంగడాయన నన్ను చూడగానే తనే మూత తీసి ముందు పెట్టేవాడు, నవ్వుకుంటూ.

ఇక తుడిచే గుడ్డల సంగతి. దానికి అత్త పాత చీరలే కావాలి. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరను మించిన గుడ్డ లేదని మామ సిద్ధాంతం. "నేను కట్టుకొనుంటే నా మొగం చూడడే! చీర ఎప్పుడు చినుగుతాదా అని కొంగు చూస్తాడు" అని అత్త నాతో మొత్తుకునేది. ఆవిడకు ఆకాశం రంగు నూలు చీర ఒకటి ఉండేది. పెళ్ళయిన కొత్తల్లో ఆయనే తెచ్చింది. అది వెన్నలా అయిపోయింది. మామ కన్నంతా దాని మీదే.

"అదిచ్చినావంటే బానెట్ అద్దమయిపోతాది."

"ఇయ్యను. నేను పొయినాక చింపుకో."

ఈ మాట నేను అక్కడున్నన్నాళ్ళూ విన్నాను. ఆయన అడగడం, ఆవిడ అదే జవాబు చెప్పడం, ఇద్దరూ నవ్వడం. దంపతుల మధ్య ముద్దుమాటలు ఎన్ని రకాలుగా ఉంటాయో నాకు వాళ్ళ ఇంట్లోనే తెలిసింది.

ఎలక్షన్ నాటి సంగతి చెప్పకపోతే మామను గురించి చెప్పినట్టు కాదు. అంతకు ముందు ఎలక్షన్‌లో కారుకు మైదా బంకతో పోస్టర్లు అతికించారు. ఎండకు ఎండి రాయిలా అయిన వాటిని పీకితే వెనక తలుపు రంగు అరచేతి మేర కాగితంతోపాటే వచ్చేసింది. అప్పటి నుంచి ఆ పక్కను గోడవైపు తిప్పి పెట్టేవాడు. మళ్ళీ ఎలక్షన్ వచ్చింది. ఒక పార్టీవాళ్ళు కారు అడిగారు. రానంటే అవతలోళ్ళ మనిషని అంటారు. మామ బాగా ఆలోచించి, కారంతటికీ ఎప్పటికంటే శ్రద్ధగా మైనం పట్టించాడు. పోస్టరు అతికించుకున్నా, పని అయ్యాక రంగు తీయకుండా ఊడి వస్తుందని ఆయన లెక్క. లెక్క మరీ బాగా కుదిరింది. సీతారామపురం దారిలో ఒక్కో కుదుపుకు ఒక్కో పోస్టరు జారి రోడ్డున పడింది. సభ దగ్గర ఆగేసరికి కారు మీద నాయకుడి చెవి ముక్క ఒకటి మిగిలిందట.

వాళ్ళు నేరుగా ఇంటి మీదికి వచ్చారు. నేను మా గుమ్మంలోనే ఉన్నాను.

"ఏం పూసినావు సాయిబూ దీనికి? మావోడి మొగమంతా రోడ్డు పాలయినాది."

"మైనమయ్యా. ఎప్పుడూ పూసేదే."

"అవతలోళ్ళు పూయమన్నారా?"

మామ నోరు తెరిచేలోపే ఒకడు ఇటుక ముక్క తీశాడు. "మాటలేందిరా, రుద్దు. గరుకయితే అదే అంటుకుంటాది" అన్నాడు.

ఒక్క రుద్దుకు ఆ పల్చటి నలుపు ఉంటుందా? మామ తలుపుకు వీపు ఆనించి చేతులు చాచి నిలబడ్డాడు. "నా వీపుకు అతికించండయ్యా. ఊరూరా నేనే తిరుగుతా. బండిని ముట్టబాకండి" అన్నాడు. ఇటుక పట్టినవాడు నవ్వాడు గానీ చెయ్యి దించలేదు.

అప్పుడు అత్త పరదా తొలగించుకుని బయటికి వచ్చింది. ఎప్పుడూ మగవాళ్ళ ముందుకు రాని మనిషి. చేతిలో మంచం మీది తెల్ల దుప్పటి. "నాయనా, దీని మీద అతికించుకోండి. బొందులు కుట్టిస్తా, బండికి కట్టుకోండి. వానొస్తే తీసి మడిచి పెట్టుకోవచ్చు, మీ నాయకుడు తడవడు" అంది. ఇటుక పట్టినవాడు ఏం చెయ్యాలో తెలియక పెద్దాయన వైపు చూశాడు. ఆ పెద్దాయన దుప్పటి అంచు పట్టుకుని, "ఇదేదో జెండా మాదిరి బాగుండాదిరా" అన్నాడు. ఇటుక కింద పడింది. గుడ్డ రాసుకుని గీతలు పడతాయని మామ మళ్ళీ నసిగితే, అత్త దాని లోపలివైపు తన పాత చీరలు వేసి కుట్టింది. నేనే సూదిలో దారం ఎక్కించి ఇచ్చాను. ఆకాశం రంగు చీర మాత్రం పెట్టెలోంచి తీయలేదు. తర్వాత అవతలి పార్టీవాళ్ళు కూడా వచ్చి మాకూ అలాంటి దుప్పటి కావాలన్నారు.

గొడవ అణిగాక మామ ఆత్మకూరు నుంచి అత్తకు కొత్త దుప్పటి తెచ్చాడు. ఇచ్చేముందు దాని మెత్తదనం వేళ్ళతో నలిపి చూస్తుంటే ఆవిడ పట్టుకుంది. "నాకు తెచ్చినావా, బండికి తెచ్చినావా?" అని అడిగింది. ఆ సాయంత్రం మైనం పని లేకపోయినా అరుగు మీద ఆవిడ పక్కనే కూర్చున్నాడు.

నాకు ఆత్మకూరు బదిలీ అయింది. అటువైపు బస్సెక్కినప్పుడల్లా వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. మామ దూరం కిరాయిలు తగ్గించాడు గానీ నీడ కోసం ఎదురుచూడడం మానలేదు. ఊరు వదిలిన దాన్ని నేనైనా, ప్రతిసారీ ఆయనే నా కోసం ఎదురుచూసినట్టు "వచ్చినావా" అనేవాడు. కన్న ఊరు వదిలి ఉద్యోగానికి వచ్చిన పిల్లకు ఆ ఒక్క మాట ఎంత ధైర్యమో నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే "పల్చగా" అనేవాడు.

ఆయన పోయిన రోజు వీధి నిండా జనం. వాళ్ళ మధ్యలో కారు. బానెట్ మీద చేటంత తెలుపు. పక్షి రెట్ట అనుకున్నారు కొందరు. నాకు చూడగానే తెలిసిపోయింది. ముందురోజు సాయంత్రం మైనం పూశాడు, అది ఆరింది, తుడవలేదు. ఆయన అలా వదలడం నేను ఎన్నడూ చూడలేదు. "రేపు తుడుస్తాలే అని లోపలికొచ్చినాడమ్మా. అప్పుడన్నా నాకు తెలియాల" అని అత్త నా భుజం మీద పడి ఏడ్చింది.

మూడోనాడు చేసే జియారత్‌కు మళ్ళీ వెళ్ళాను. తెలుపు అలాగే ఉంది. ఎవరూ ముట్టలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ తెల్లటి పొరలో ఆయన వేళ్ళు తిరిగిన సుళ్ళు కనిపిస్తున్నాయి, ఒకదాని మీద ఒకటి. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. కొండ నీడ వీధిలోకి దిగింది. భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉన్న మనిషి గడప దాటకూడదు కాబట్టి అత్త పరదా వెనక నిలబడి ఉంది.

"నీడొచ్చినాదా, టీచరమ్మా?"

"వచ్చింది అత్తా."

"అయితే తుడిచేయి. ఎన్ని దినాలు ఉంచితే అంత పట్టుకుంటాది. రంగు పోతే ఆయన ఒప్పుకోడు."

"ఆయన చెయ్యి పడిన గుర్తు అత్తా అది. ఉండనీ."

తర్వాత లోపల పెట్టె మూత తీసిన చప్పుడు. చర్రున గుడ్డ చినిగిన చప్పుడు. పరదా పక్కనుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. అందులో ఆకాశం రంగు చీర ముక్క.

ఎండిపోయిన మైనం మీద కొత్త మైనం కాస్త పూస్తే మెత్తబడి వస్తుందని మామ ఒకసారి చెప్పాడు. కారు నెత్తిన అరచెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. అరుగు మీద ఉన్న ఆయన మైనం డబ్బాలో వేలు ముంచి ఆయన తిప్పిన సుళ్ళ మీదే తిప్పాను, పల్చగా. తుడుస్తుంటే నలుపు బయటపడుతూ వచ్చింది. చివర్లో అంచు దగ్గర కొంచెం తెలుపు మిగిలింది. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది.

"ఆ మూల కూడా తుడువమ్మా" అంది అత్త, పరదా వెనకనుంచి.

తుడిచాను. బానెట్‌లో దుర్గం కొండ తలకిందులుగా నిలబడింది. దాని పక్కన గుమ్మం, గుమ్మానికి పరదా, పరదా అంచు పట్టుకుని అలాగే ఉన్న ఆవిడ వేళ్ళు.