టూ క్లబ్స్‌కు జవాబు

మొన్న కోవిల్పట్టి బజారులో ఒక దుకాణం ముందు నిలబడి ఉండగా లోపల ఎవరో టాల్కం పౌడరు డబ్బా మూత తీశారు. ఆ వాసనకు నా ఎడమచేతి వేళ్ళు పదమూడు ముక్కలు పట్టుకున్నట్టు వాటంతటవే విచ్చుకున్నాయి. కొత్త పేక కట్ట విప్పగానే రంగనాయకి పెద్దమ్మ దాని మీద చిటికెడు పౌడరు చల్లి, ఒక్కొక్క ముక్కనూ చీర చెంగుతో తుడిచేవారు. చెమట చేతులకు అంటుకోకూడదని. ఆవిడ పోయి రెండేళ్ళయింది.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు, పక్కింటావిడ. ఆమె భర్త మిల్లులో ఇంజనీరు. ఆయనే ఆమెకు బ్రిడ్జి ఆట నేర్పి, ప్రతి శనివారం విరుదునగర్ క్లబ్బుకు తీసుకువెళ్ళేవారు. నేనేమో చిన్నప్పుడు ఉబ్బసం వల్ల బడికి వెళ్ళలేదు. నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి తమిళం, లెక్కలు, మేం మాట్లాడుకునే తెలుగుకు అక్షరాలు నేర్పారు. పెద్దయ్యాక కుట్టుమిషను పెట్టుకున్నాను. ఒకరోజు జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన పెద్దమ్మ, నేను కొలతలు ఎక్కడా రాసుకోకపోవడం గమనించారు.

"ఏమే, మరిచిపోవా?"

"మీవే కాదు పెద్దమ్మా, పోయిన దీపావళికి మీ చెల్లెలికి కుట్టినవి కూడా తలలో ఉండాయి."

"సెరి. ఈ తల జాకెట్లకే ఏంటికి? నాకీ కొంచెం ఇయ్యి."

అప్పటికి ఆమె భర్త పోయి నాలుగు నెలలు. బ్రిడ్జి జంటలుగా ఆడే ఆట. ఒంటరిగా వస్తే కుర్చీ ఇవ్వలేమని క్లబ్బు సెక్రటరీ చెప్పాడట. నూనె వ్యాపారి, మర్యాదస్తుడే. జత తెచ్చుకుంటే మూడు శనివారాలు ఆడనిచ్చి చూస్తామని, జత కుదరకపోతే ఆ చోటు వేరేవాళ్ళకు ఇస్తామని అన్నాడట. "తక్కిన ఆరు రోజులూ నేను మొగుడు పోయినదాన్ని," అన్నారు పెద్దమ్మ, నా టేపును వేలికి చుట్టుకుంటూ. "శనివారం ఒక్కరోజు ఆడేదాన్ని. అదీ పోతే ఎట్లమ్మా?" నేను కాదనలేకపోయాను. రెండు నెలలు మిషను బల్ల మీదే పాఠాలు నడిచాయి.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక పట్టు. ఆట మొదలయ్యే ముందు ఎన్ని పట్లు తెస్తామో వేలంపాటలా చెప్పుకోవాలి. ఎదురుగా కూర్చున్న మన జంట చేతిలో ఏముందో మనకు కనిపించదు. ఈ మాటలతోనే తెలుసుకోవాలి. అన్నిటికంటే బలమైన చేయి వచ్చినవాళ్ళు "టూ క్లబ్స్" అంటారు. తమ దగ్గర కళావర్లు ఉన్నాయని దాని అర్థం కాదు. "నా దగ్గర చాలా బలం ఉంది, ఆపకు" అని అర్థం. జంటకు ఏమీ లేకపోయినా "టూ డైమండ్స్" అని జవాబు చెప్పి తీరాలి. అంటే, విన్నాను, చెప్పండి అని. నేను మొదటి రోజే బట్టీపట్టిన పాఠం ఇది.

మొదటి శనివారం మూడో ఆటకే పెద్దమ్మ "టూ క్లబ్స్" అన్నారు. నా చేతిలో బొమ్మ ముక్క ఒక్కటి లేదు. కుడివైపు ఒక డాక్టరు, ఎడమవైపు ఒక పప్పుల మిల్లు యజమాని. నేను "పాస్" అన్నాను. నా తర్వాత మిల్లు యజమాని చిరునవ్వుతో తానూ పాస్ అన్నాడు. దాంతో వేలం ముగిసింది, ఇక కళావర్లే తురుఫుగా రెండు కళావర్ల ఆటే ఆడాలి. పెద్దమ్మ దగ్గర కళావర్లు రెండే, నా దగ్గర మూడు. మిగతా ఎనిమిదీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఆసులూ రాజులూ నిండిన ఆ చేతితో ఆవిడ ఓడిపోతూ ఉంటే నేను తల ఎత్తలేదు.

తిరుగు బస్సు సాత్తూరు దాటాక ఆవిడ అడిగారు.

"రూలు తెలీదా నీకి?"

"తెలుసు పెద్దమ్మా."

"మరేంటికి నోరు మూసుకోనుంటివి?"

"మీరు ఒక మాట చెప్పినాక దాని మీద నేనెట్ల చెప్పేది? అదీ కైలో ఏమీ లేకుండా."

ఆవిడ నా మొహం చూసి, బస్సులో వాళ్ళంతా తిరిగి చూసేలా నవ్వారు. "నాకి మర్యాద చేసినావా? నీ మర్యాద పట్టుకోని ఆడ ఏడ్చేది నేను." తర్వాత గొంతు తగ్గించారు. "చూడు పాపా. టూ క్లబ్స్ అంటే నేను నీకి ఆజ్ఞ ఇచ్చేది కాదు, అడిగేది. పెద్దవాళ్ళు అడిగితే బదులు చెప్పకుండా ఉండేది ఏ ఊరి మర్యాద? ఏమీ లేదని చెప్పేదానికీ నోరు తెరవాల."

మా ఇంట్లో పెద్దల ఎదుట ఆడపిల్ల ఊరుకోవడమే గౌరవమని పెరిగినదాన్ని. ఆ ఒక్క మాటతో అది వదిలిందనను. కానీ ఆ వారమంతా ఆవిడ గోడవతల నుంచి "టూ క్లబ్స్" అని కేకేసేవారు. నేను రుబ్బుతున్నా, కుడుతున్నా "టూ డైమండ్స్" అని బదులు పలకాలి. నాన్న, "కీరలమ్మే ఆమె అనుకుని గిన్నె తీసుకోని వస్తిని," అని, ఆకుకూరలామె కేక విన్నట్టు వెక్కిరించేవారు.

రెండో శనివారం పెద్ద చేతులేవీ రాలేదు, తప్పులూ జరగలేదు. మూడో శనివారం ఆట ముగియవస్తుండగా పెద్దమ్మ మళ్ళీ "టూ క్లబ్స్" అన్నారు. సెక్రటరీ మా బల్ల దగ్గరే నిలబడ్డాడు. నా దగ్గర మూడు చిన్న ఇస్పేట్లు, ఒక్క ఆఠీను రాజు. "టూ డైమండ్స్" అన్నాను. ఆవిడ "టూ స్పేడ్స్" అన్నారు. ఇప్పుడు నాకు రెండు దారులు. "ఫోర్ స్పేడ్స్" అంటే, మీ ఇస్పేట్లకు తోడున్నాను, ఇంకేమీ లేదు అని ముగించడం. "త్రీ స్పేడ్స్" అంటే, తోడూ ఉంది, కొంచెం బలమూ ఉంది, ఇంకా అడగండి అని. ఎక్కువ బలమున్నప్పుడే మెల్లగా వెళ్ళాలని ఆవిడ నేర్పారు. ఒక్క రాజు బలమవుతుందా? నాలుగు చెప్పేసి తప్పుకుంటే నన్నెవరూ తప్పు పట్టరు. మనసులో పెరుమాళ్ళను తలచుకుని "త్రీ స్పేడ్స్" అన్నాను.

పెద్దమ్మ వేలం మాటల్లోనే ఇంకో ప్రశ్న అడిగారు. నా బలం ఆఠీన్లలో ఉందని అలాగే జవాబిచ్చాను. "సిక్స్ స్పేడ్స్" అన్నారు. చెప్పిన అంకెకు ఆరు కలపాలి కనుక, పదమూడింటిలో పన్నెండు పట్లు తేవాలి. ఆట పద్ధతి ప్రకారం నా ముక్కలు బల్ల మీద పరిచాను. డాక్టరు వాటిని చూసి తమిళంలో, "దీంతోనా అమ్మా నువ్వు బలం చూపించావు?" అన్నాడు. పెద్దమ్మ కూడా తమిళంలోనే, "నేను అడిగింది ఆ రాజునే, డాక్టరుగారూ," అన్నారు. వాళ్ళకు కళావర్ ఆసు ఒక్కటే దక్కింది. సెక్రటరీ వెళ్ళి వచ్చే నెల పట్టిక తెచ్చి, ఆమె పేరు పక్కన రాయడానికి నా పేరు అడిగాడు.

ఆ తర్వాత ఆరేళ్ళు ఆడాం. గొప్ప చేతులు నాకు తక్కువే వచ్చాయి. ఆవిడ నేర్పిన దానికి నా కృతజ్ఞత ఆవిడ ఉండగా సరిగ్గా చెప్పుకోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఉదయం దీపం వెలిగించి నిలబడితే, అడగడానికీ అర్పించడానికీ ఏమీ తోచని రోజులు ఉంటాయి. పూర్వం అలాంటి రోజుల్లో పెదవి కదపకుండా నమస్కారం పెట్టి వచ్చేసేదాన్ని. ఇప్పుడు, "నా దగ్గర ఇవాళ ఏమీ లేదు స్వామీ, వింటున్నాను," అని పైకి చెప్పి, ఇంకాసేపు నిలబడతాను.