మిడిమిడి సన్నాయి

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట ఇంకెవరైనా అంటే ఊరుకోను గాని, నేనే చెప్పుకుంటున్నాను కనుక నమ్మవచ్చు. తెలంగాణ కోసం ఊరూరా దీక్షా శిబిరాలు వెలసిన ఆ రోజుల్లో నేను జనగామలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు పాటలు నేర్పేదాన్ని. బడివాళ్లు మూలన పడేసిన పాత కీబోర్డు ఒకటి నా పాలబడింది. దాన్ని మా బాపు కళాబృందంలోకి తేవాలని నేను, రానివ్వనని బాపు. కోపంలో నేను ఆయన కూతురినేనని ఊరంతా అనేది.

బాపు జనగామ మార్కెట్ యార్డులో దడ్వాయి, అంటే రైతులు తెచ్చిన ధాన్యం కాంటా వేసేవాడు. పొద్దున బస్తాలు తూచి, మధ్యాహ్నం భుజాన గొంగడి వేసుకుని శిబిరాల్లో పాడేవాడు. ఆయన సొంతంగా కట్టిన పాట ఒకటుంది. బొంబాయికి వలసపోయిన అన్నను ఊళ్లో ఉన్న చెల్లెలు పిలిచే పాట. ప్రతి చరణం చివర చెల్లెలు "అన్నా, ఎప్పుడొస్తవు" అని పిలుస్తుంది. అన్న జవాబు మాటల్లో ఉండదు. సన్నాయి చెబుతుంది.

ఆ సన్నాయి వాయించే ఆయన్ని బాపు కాకా అనేవాడు, నేను తాతా అనేదాన్ని. ఏళ్ల తరబడి ఇద్దరూ జోడెడ్ల లెక్క తిరిగారు. పళ్లన్నీ ఊడిపోయాక సన్నాయి పీక పెదవుల మధ్య నిలవక, తాత దాన్ని గుడ్డలో చుట్టి పెట్టేశాడు. భూపాలపల్లిలో బొగ్గుబావి కార్మికుడైన కొడుకు దగ్గరికి, క్వార్టర్లకు వెళ్లిపోయాడు. వెళ్లేరోజు బస్టాండులో బాపు ఆయన చేయి పట్టుకున్నాడు.

"కాకా, నీ జాగల ఇంకొకన్ని నిలవెట్ట. ఒట్టు."

ఒట్టు పెట్టాడు, బాగానే ఉంది. మరి పాట సంగతి? బాపు ఆ పాట మానలేదు, మరొక సన్నాయి మనిషిని పిలవలేదు. చెల్లెలు పిలిచాక, సన్నాయి మోగాల్సినంతసేపు వేళ్లు లెక్కపెట్టుకుంటూ ఊరికే నిలబడేవాడు. తర్వాత రెండో చరణం ఎత్తుకునేవాడు. జనం పాట మరిచిపోయాడేమో అనుకునేవాళ్లు. ఒక ఊళ్లో ముందు వరుసలో కూర్చున్న అవ్వ పాపం అని లేచి వచ్చి, "గొంతు ఎండిందేమో, నీళ్లు తాగు కొడుకా" అని చెంబు అందించింది. నాకు ఒళ్లు మండిపోయేది. చెల్లెలు అంతలా పిలుస్తుంటే అన్న పలకడు. అదేం పాట? ఇంటికొచ్చి అదే అడిగాను.

"తాత రాలేడు. ఇంకొకరిని రానివ్వవు. కీబోర్డుల నేను సన్నాయి వాయిస్త."

"మన మాటను ఎక్కిరించిన సినిమాలల్ల మోగేది గీ పెట్టెనే. గిది నా పాటల మోగాల్నా?"

"ఎక్కిరించింది పెట్టె కాదు బాపూ, మనుషులు."

బాపు గొంగడి దులుపుకుని బయటికి వెళ్లిపోయాడు. మూడో రోజు అన్నం ముందు కూర్చుని తీర్పు చెప్పాడు. "భూపాలపల్లిల మన ప్రోగ్రాం ఉన్నది. కాక వస్తడు. ఆయన విని ఊ అంటే పెట్టె ఉంటది. ఊహూ అన్నడా, పెట్టె బడికి, నువ్వు ఇంటికి." నేను సరేనన్నాను. అప్పటికి నా కీబోర్డులో సన్నాయి గొంతే లేదన్న సంగతి ఆయనకు చెప్పలేదు.

ఆ గొంతు స్టేషన్ రోడ్డులో రేడియోలు బాగుచేసే ఒక అన్న దగ్గర దొరికింది. టిఫిన్ డబ్బా అంత నల్లటి పెట్టె. అందులో నూట ఇరవై ఎనిమిది వాయిద్యాల గొంతులున్నాయి. కీబోర్డుకూ దానికీ మధ్య అయిదు పిన్నుల కేబుల్ ఒకటి పెట్టాలి. ఆ కేబుల్‌లో పాట పోదు, హుకుం మాత్రమే పోతుంది. ఏ మెట్టు నొక్కాం, ఎంత గట్టిగా నొక్కాం, ఎన్నో నంబరు గొంతు కావాలి, అంతే. మోగేది నల్లపెట్టె. పెట్టెతో పాటు నంబర్ల పట్టీ ఉన్న కాగితం ఇచ్చాడు. నూట పన్నెండు దగ్గర సన్నాయి. ఎగిరి గంతేశాను.

"గీ వైరు పేరేంది?" అని అడిగాడు బాపు.

"మిడి కేబులు."

"అట్లనా. నీ మిడిమిడి జ్ఞానానికి వైరు గూడ దొరికిందన్నట్టు."

ఆయన నోటికి చేతికి దూరంగా ఉండడం మేలని పెట్టెను బృందం రిహార్సలుకు పట్టుకుపోయాను. దానికి పదహారు దారులు, అంటే చానళ్లు. కీబోర్డు పంపే దారి, పెట్టె వినే దారి ఒకటే కావాలి. పది నిండు లెక్క కదా, శుభమని రెండింటికీ పది పెట్టాను. పియానో అని నొక్కితే దబ్ మంది. పక్క మెట్టు నొక్కితే తాళం. దాని పక్కది ఢాం. ఏ మెట్టు నొక్కినా డప్పులు, తాళాలే. పదో దారి డ్రమ్ములకే కేటాయించి ఉంటుందట. ఆ ముక్క కాగితం వెనక చిన్న అక్షరాల్లో ఉంది. నేను వెనక తిప్పి చూస్తే కదా. మా బృందంలో డప్పు కొట్టే ఇద్దరన్నలు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఏందక్కా, మా పొట్ట గొడ్తవా?"

సిగ్గుతో ఒకటో దారికి మార్చాను. అప్పుడు పియానో పియానోలాగే మోగింది. సన్నాయి కూడా వినేదాన్నే, కాని కరెంటు పోయింది. బొగ్గుబావుల్లో సమ్మె నడుస్తున్న రోజులు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మర్నాడు మరిపెడలో పాడాలి. పియానో సరిగ్గా మోగిందంటే మిగతావీ మోగుతాయనుకుని అరచేతిలో నూట పన్నెండు అని రాసుకుని బస్సెక్కాను. నా అంత తెలివిగల మనిషి జనగామ బస్టాండులో ఇంకొకరు లేరనిపించింది.

మరిపెడ శిబిరంలో చుట్టుపక్కల తండాల నుంచి వచ్చిన ఆడవాళ్లు ముందు వరుసలో కూర్చున్నారు. బాపు మొదటి చరణం పాడాడు. "అన్నా, ఎప్పుడొస్తవు" అని ఆగాడు. నేను నూట పన్నెండు కొట్టి, గుండెల నిండా గాలి పీల్చుకుని మెట్ల మీద వేళ్లు వేశాను.

టింగ్ టింగ్ టింగిటింగ్.

ఏడిపించాల్సిన రాగమంతా చిన్నచిన్న గంటల్లో గలగలా మోగింది. ఐస్‌క్రీం బండి వచ్చిందనుకుని పిల్లలు రోడ్డు మీదికి ఉరికారు. ముందు వరుసలో ఒక అక్క, "మా మేక మెడల గంట గిట్లనే మోగుతది" అన్నది. వరుసంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను కంగారులో మళ్లీ నూట పన్నెండు కొట్టాను. మళ్లీ మేకలే వచ్చాయి. బాపు నావైపు చూడకుండా రెండో చరణం అందుకున్నాడు. మిగతా పాటంతా నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నవ్వు వచ్చే సంగతే గాని, ఆ పూట మాత్రం నాకు చచ్చిపోవాలనిపించింది.

తిరుగు బస్సులో, "పెట్టె ఖరాబున్నది" అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడు" అన్నాడు బాపు.

మర్నాడు కరెంటు ఉన్న పూట చూసి కూర్చున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కాగితంలో నూట పన్నెండు ఉంది కనుక నూట పన్నెండే కొట్టాను. పదిసార్లు కొట్టాను. మేకలు. పైకి పోదామని నూట పదమూడు కొడితే ఇంకేదో రేకు మోత. నూట పద్నాలుగు కొడితే నూనె డబ్బాల మోత. కిందికి దిగి చూద్దామన్న బుద్ధి పుట్టలేదు. ఇక మొదటి నుంచి ఒక్కొక్కటి సరిచూద్దామని కాగితం ముందు పెట్టుకుని, "ఒకటి, పియానో" అని పైకే చదువుతూ కీబోర్డులో మొదటి గొంతు నొక్కాను. యార్డుకు బయల్దేరిన బాపు గుమ్మంలో ఆగాడు.

"ఒకటి అన్నవు. కీబోర్డు మీద ఏం పడ్డది?"

"సున్న."

"మరి నువ్వు ఒకటంటివి?"

"కాగితంల ఒకటే ఉన్నది బాపూ. కీబోర్డుల మొదటిది సున్న. రెండూ పియానోనే."

బాపు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. నా పక్కన చాప మీద కూర్చుని కీబోర్డు మీది చిన్న అద్దంలో అంకెలను, కాంటా ముల్లును చూసినట్టు, కళ్లు చిన్నవి చేసుకుని చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు. మరిపెడ తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

"నీ కీబోర్డు కొత్త దడ్వాయి బిడ్డా!"

దడ్వాయిలు కాంటా వేసేటప్పుడు మొదటి బస్తాను ఒకటి అనరు. శుభమని 'లాభం' అంటారు. లాభం, రెండు, మూడు, అలా పోతుంది లెక్క. యార్డులో పుట్టి పెరిగిన నాకు ఆ పిలుపు చెవుల్లో పడని రోజు లేదు. బాపు చెప్పేదాకా అది నాకు తట్టలేదు.

"మా యార్డుల కొత్తగ లైసెన్సు వచ్చినాయన ఒకడుండె. మొదటి బస్తకు లాభం అన్నడు, రెండోదానికి ఒకటి అన్నడు. ఇరువై అంటడు, సూస్తె ఇరువై ఒక్కటి ఉంటయ్. యార్డంత నవ్విరి. గిది గూడ గంతే. నీ కీబోర్డుకు సున్ననే లాభం. లాభం అన్నంక మళ్ల ఒకటి అంటున్నది. అది నూట పన్నెండు అంటే, గీ పెట్టెకు నూట పదమూడోది కావాలన్నట్టు."

"అయితే ఎంత కొట్టాలె?"

"ఒకటి తక్కువ కొట్టు. లాభం ముందుగాలనే అయిపాయె గద."

నూట పదకొండు కొట్టి మెట్టు నొక్కాను. సన్నాయి పలికింది. ఆ గదిలో, మా గోడల మధ్య, ఏడాది తర్వాత అన్న చెల్లెలికి జవాబు చెప్పాడు. నేను చప్పట్లు కొట్టబోయి బాపు ముఖం చూసి ఆగిపోయాను. ఆయన లేచి, చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచి, వట్టి కాళ్లతో యార్డుకు వెళ్లిపోయాడు.

భూపాలపల్లిలో శిబిరం కార్మికుల క్వార్టర్లకు దగ్గరలోనే వేశారు. సాయంత్రం నాలుగింటికే టెంటు నిండిపోయింది. తాత తెల్లటి ధోవతి కట్టుకుని ముందు వరుసలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి గాని చూపు అదే. బాపు ఆయనకు దండం పెట్టి, కీబోర్డు సంగతి ఒక్క ముక్క చెప్పకుండా పాట మొదలుపెట్టాడు. నేను అంకె మూడుసార్లు సరిచూసుకున్నాను.

"అన్నా, ఎప్పుడొస్తవు."

వేళ్లు వేశాను. సన్నాయి టెంటు దాటి క్వార్టర్ల దాకా పోయింది. జనం మెడలు చాచి ఊదే మనిషి కోసం వెతికారు. నేను మాత్రం తాతనే చూశాను. రాగం సగంలో ఉండగానే ఆయన కుర్చీలోంచి లేచాడు. వెనక్కి తిరిగి, జనంలోంచి దారి చేసుకుంటూ టెంటు బయటికి నడిచాడు.

అంతవరకూ గెలవాలన్న పంతమే తప్ప, ఆ ముసలాయన ఊపిరి పెట్టి నిలిపిన చోటును నేను మెట్లు నొక్కి కబ్జా చేస్తున్నానన్న సంగతి నాకు తోచనే లేదు. బాపు మాత్రం రెండో చరణం ఎత్తుకున్నాడు. నేను కీబోర్డు ఆపేయాలని స్విచ్చి మీద చేయి వేశాను. ఆ చేతిని ఎవరో పట్టుకున్నారు. తాత. టెంటు వెనక నుంచి చుట్టి వచ్చి, వేదిక మెట్లెక్కి, రొప్పుతూ నా పక్కన నిలబడ్డాడు.

"బాగనే పలుకుతున్నది గాని, ఊపిరి తీసుకోవేందే పొల్లా? గంతసేపు ఆపకుండ ఊదితే మనిషి సస్తడు."

నేను స్విచ్చి మీద నుంచి చేయి తీశాను.

"నా ఛాతి దిక్కు సూడు. నేను పీల్చినప్పుడు నువ్వు వేళ్లు లేపు."

బాపు పిలుపు దగ్గర ఆగాడు. తాత ఊపిరి పీల్చాడు, వదిలాడు, నేను మెట్లు నొక్కాను. ఆయన పీల్చినచోట వేళ్లు లేపాను. ఆయన బుగ్గలు ఉబ్బినప్పుడు గట్టిగా నొక్కాను, అణిగినప్పుడు మెల్లగా. మొదటి చరణంలో పలికింది సన్నాయి గొంతు. ఇప్పుడు పలికింది తాత. ముందు వరుసలో ఆయన కొడుకు లేచి నిలబడ్డాడు. మూడో చరణానికి బాపు జనం వైపు కాకుండా మా వైపు తిరిగి పాడాడు. ఆ చరణం నేను ఏడుస్తూనే వాయించాను, ఎక్కడా తప్పు పోలేదు.

పాట అయ్యాక బాపు తాత దగ్గరికి వచ్చి తల దించుకున్నాడు.

"కాకా, మాట తప్పిన. నీ జాగల ఇంకొకన్ని నిలవెట్టనంటి."

తాత బోసినోటితో నవ్వాడు.

"ఏడ నిలవెట్టినవ్‌రా? పొల్ల కూసున్నది. నిలవడ్డది నేనే గద."